గాజు మీద గీత పడితే వజ్రం అయిపోదండీ! రాళ్ల వేట: అపోహలు - వాస్తవాలు

ఆదివారం సాయంత్రమైతే చాలు, నా ఫోన్‌కి రాళ్ల ఫోటోలు వస్తూనే ఉంటాయి. అరచేతిలో పెట్టి ఒకటి, వెనక టార్చి లైటు వేసి ఇంకొకటి. వాటి కింద ప్రశ్న మాత్రం ఒకటే: "మాస్టారూ, ఇది గాజుని కోసేస్తోందండి. వజ్రమేనా?" నేను రాజమండ్రిలో జియాలజీ పాఠాలు చెప్పుకునేవాణ్ని. సెలవుల్లో పిల్లలున్న కుటుంబాలతో కలిసి జియోడ్‌లు (లోపల బోలుగా ఉండి స్ఫటికాలు పేరుకున్న రాళ్లు), అగేట్‌లు (చారల రంగురాళ్లు), వింత రాళ్లు ఏరడానికి వెళ్తుంటాను. సరదాగా మొదలైన ఈ హాబీ కొన్ని ఇళ్లలో అప్పుల దాకా పోవడం చూశాను. అందుకే ఈ గాజు సంగతి ముందు తేల్చేద్దాం.

అపోహ: గాజు మీద గీత పడితే అది వజ్రం.

కాదు. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ స్కేలు మీద మామూలు గాజు కాఠిన్యం సుమారు 5.5. క్వార్ట్జ్‌ది, అంటే మన పలుగురాయిది, 7. అదే జాతి రాళ్లైన అగేట్, జాస్పర్ కూడా ఇంచుమించు అంతే. కాబట్టి గోదావరి ఇసుక తిన్నె మీద దొరికే గులకరాళ్లలో చాలా మీ కిటికీ అద్దాన్ని గీకేస్తాయి. వజ్రం కాఠిన్యం 10 అన్నది నిజమే. కానీ గాజుని గీసినవన్నీ వజ్రాలైతే మన ఏటిగట్ల మీద ఇల్లు కట్టని వాడుండడు.

తొలకరి పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతున్నారని టీవీలో వస్తుంది. అది అబద్ధం కాదు, అక్కడ నిజంగానే దొరుకుతాయి. కృష్ణా లోయలో కొల్లూరు, పరిటాల గనుల చరిత్ర కూడా అందరికీ తెలిసిందే. ఆ వార్త చూసి ఇక్కడ మన పిల్లలు ఏరుకొచ్చిన పలుగురాయిని గ్లాసుకేసి గీస్తారు. గీత పడుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఆ నిద్ర లేనితనాన్ని నమ్ముకుని బతికేవాళ్లున్నారు. కోటిపల్లి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు, ఆయన భార్య మా ఇంటికొచ్చారు. వాళ్ల అబ్బాయికి దొరికిన రాయి చిన్నది, నిమ్మగింజ అంత ఉంటుంది, ఒక కొస మొనదేలి ఉంది. ఎవరో మధ్యవర్తి చూసి "హైదరాబాద్ పార్టీ కోటిన్నర ఇస్తుంది, ముందు టెస్టింగుకి కట్టాలి" అన్నాడట. కట్టారు. తర్వాత సర్టిఫికెట్‌కని అడిగాడు, అదీ కట్టారు. మూడోసారి అడిగితే ఆవిడ మెడలో నల్లపూసలు తాకట్టు పెట్టబోతూ, ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు. రాయిని చూడగానే ఆరు పలకలు కనిపించాయి. పలుగురాయి స్ఫటికం పెరిగేది అలాగే. వజ్రం సహజంగా దొరికినప్పుడు ఎక్కువగా ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అంటించినట్టు ఉంటుంది. నేను చెప్పేది విన్నాక ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆవిడే "పోన్లెండి మాస్టారూ, పుస్తెలు దక్కాయి" అంది. పోయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అలాంటి కుటుంబాలను చూసి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆశ పడడం తప్పు కాదు. రాయి కొనేవాడు డబ్బు ఇస్తాడు కానీ ముందుగా అడగడు. అంతే గుర్తు పెట్టుకోండి.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది, పిల్లలకి భలే ఇష్టం. నగల షాపుల్లో వాడే లాంటి చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ముందు రాయిని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి దారంతో కట్టి, అడుగుకి, గోడకి తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపించే అంకెతో పొడి బరువుని భాగించండి. 2.65 దగ్గర వస్తే క్వార్ట్జ్. వజ్రానికి 3.5 రావాలి. టోపాజ్ రాయికీ అంతే వస్తుంది కాబట్టి 3.5 చూసి ఎగిరి గంతేయకండి, రత్నాలను పరీక్షించే ల్యాబుకి వెళ్లండి. 2.6 వస్తే మాత్రం వజ్రం మాట అక్కడితో వదిలేయండి.

అపోహ: సుత్తితో కొడితే పగలనిదే అసలు వజ్రం.

దీనివల్ల నిజమైన వజ్రాలే ముక్కలై ఉంటాయి. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలిక తలాలున్నాయి, సరైన దెబ్బ పడితే చక్కగా చీలిపోతుంది. సుత్తి పక్కన పెట్టండి.

అపోహ: గుండ్రంగా ఉన్న ప్రతి రాయిలోనూ స్ఫటికాలుంటాయి.

యూట్యూబ్ పుణ్యం. అందులో మనిషెత్తు ఊదారంగు జియోడ్‌లు చూపిస్తారు, అవి బ్రెజిల్, ఉరుగ్వేలవి. గోదావరిలో గుండ్రటి రాయి గుండ్రంగా ఉన్నది దొర్లి దొర్లి అరిగినందుకు. లోపల బోలు ఉండాల్సిన పని లేదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నది 1,465 కిలోమీటర్లు వచ్చి ఇక్కడ సముద్రంలో కలుస్తోంది. అంత దూరం దొర్లితే ఏ రాయైనా నున్నబడుతుంది. జియోడ్ పైభాగం సాధారణంగా గరుకుగా, బొడిపెలుగా ఉంటుంది. చూపుకి పెద్దదైనా చేతికి తేలిగ్గా తగులుతుంది.

అపోహ: డెల్టాలో రాళ్లే ఉండవు, ఈ హాబీ మనకి కాదు.

సగం నిజం. కోనసీమంతా ఒండ్రుమట్టి. అక్కడ కనిపించే ప్రతి రాయీ ఎవరో తెచ్చి వేసిందే: రైలు పట్టాల కింద కంకర, ఏటిగట్టు రాయి, పునాది రాయి. అమలాపురం నుంచి ఒకాయన "మా పెరట్లో జియోడ్ మొలిచిందండి" అని ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే కొత్త వాటా కట్టడానికి తోలించిన కంకర!

కానీ ఆ కంకర కుప్పే మీ బంగారు గని. గౌరీపట్నం, పంగిడి వైపు క్వారీల నుంచి వచ్చిన నల్లరాయైతే అది లావా గడ్డకట్టిన బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి దక్కన్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి దాకా వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. లావాలోని గాలిబుడగల్లోకి తర్వాత ఖనిజాలు కరిగిన నీరు చేరి, ఆ ఖనిజాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. బుడగ పూర్తిగా నిండితే గట్టి గింజ, మధ్యలో ఖాళీ మిగిలితే జియోడ్. కుప్పలో తెల్లటి మచ్చలున్న ముక్కలు ఏరండి. మచ్చ మీద వెనిగర్ చుక్క వేసి చూడండి: బుడగలొస్తే కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం), రాకపోతే మేకుతో గీయండి. గీత పడకుండా మేకు ఇనుమే రాయికి అంటుకుంటే క్వార్ట్జ్ జాతి. మెత్తగా, నార పోగుల్లా, విసనకర్రలా కనిపిస్తే జియోలైట్ అనే ఖనిజం కావచ్చు. శనగగింజంత ఉంటాయి చాలావరకు. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కొనివ్వండి, పిల్లలు భోజనానికి లేవరు.

రాజమండ్రి పక్కన కాతేరులో లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఉంది, అందులో గుల్లల శిలాజాలున్నాయి. అక్కడ చూడండి, ఫోటో తీయండి, పెకలించకండి.

అపోహ: క్వారీ ఖాళీగా ఉంటే వెళ్లొచ్చు, నది ఎండితే భయం లేదు.

రెండూ ప్రాణం తీసేవే. క్వారీ గోడ నుంచి రాయి ఎప్పుడు ఊడుతుందో ఎవరూ చెప్పలేరు, పేలని మందు ఉండవచ్చు. లీజుదారు అనుమతి లేకుండా, వాళ్ల మనిషి తోడు లేకుండా గేటు దాటొద్దు. వేసవిలో గోదావరి మోకాలి లోతే అనిపిస్తుంది, ఇసుక తవ్విన గుంత దగ్గర ఒక్క అడుగుతో నిలువెత్తు లోతు. పిల్లలు పొడి తిన్నె దిగడానికి వీల్లేదు అనను, నీళ్లలోకి మాత్రం వద్దంటాను. రాయి పగలగొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టి, రాయిని తడిపి, గోనెగుడ్డ చుట్టి కొట్టండి. ఆ దుమ్ము పీల్చేది కాదు.

అపోహ: రాళ్లు ఇంట్లో పెడితే అరిష్టం, పైగా రేడియేషన్.

అరిష్టం సంగతి మామ్మగార్లతో నేను వాదించను. రాళ్ల పెట్టె వరండాలో పెట్టండి, అందరూ సంతోషం. రేడియేషన్ టెన్షన్ పడే తల్లులకి మాత్రం గట్టిగా చెబుతాను: బసాల్ట్, క్వార్ట్జ్ ఈ విషయంలో మీ వంటింటి గ్రానైట్ గట్టు కన్నా నెమ్మదైనవి. ఒక్క మినహాయింపు ఉంది. మన తీరం వెంబడి అక్కడక్కడా నల్ల ఇసుక చారలు కనిపిస్తాయి. అందులో ఇల్మెనైట్, మాగ్నటైట్, ఎర్రటి గార్నెట్‌తో పాటు కాస్త మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో రేడియేషన్ వెలువరించే థోరియం ఉంటుంది. సంచుల్లో ఇంటికి తేవద్దు. అక్కడే అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి ఇసుకలో తిప్పండి, మాగ్నటైట్ అంతా అంటుకుంటుంది. కవరు వెనక్కి తిరగేస్తే రాలిపోతుంది. కవరు లేకుండా తిప్పారా, ఆ అయస్కాంతాన్ని శుభ్రం చేయడానికి మళ్లీ ఆదివారం దాకా పడుతుంది.