ఉర్లగడ్డను వెంటాడుతున్న మాడు తెగులు

పలమనేరు, వి.కోట వైపు ఉర్లగడ్డ పెట్టినవాళ్లు మంచు కురిసిన తెల్లారి చేలోకి దిగితే ముందు కింది ఆకులు తిప్పి చూడాలి. ఆకు పైన నీళ్లు ఇంకినట్టు నల్లబారిన మచ్చ, దాని చుట్టూ లేతాకుపచ్చ అంచు. అడుగున, మచ్చ అంచు వెంబడే, పిండి రాలినట్టు సన్నటి తెల్లబూజు. ఎండెక్కితే ఆ బూజు ఆరిపోయి కంటికి ఆనదు. అందుకే పొద్దున్నే చూడాలి. ముసురు ఇంకో నాలుగు రోజులు సాగిందంటే వారం పది రోజుల్లో చేనంతా కాల్చినట్టు అయిపోతుంది. ఇదే లేట్ బ్లైట్, తెలుగులో ఆకుమాడు తెగులు. జహీరాబాద్ రైతు ఆలుగడ్డ అన్నా, కోస్తాలో బంగాళాదుంప అన్నా, దాన్ని పట్టే తెగులు ఇదే.

ఈ తెగులు ఐరోపాను కుదిపేసింది 1845లో. ఆ వేసవిలో బెల్జియంలో కనబడి, సెప్టెంబరుకల్లా ఐర్లాండ్ చేరింది. అక్కడ పేదవాళ్లకు ఉర్లగడ్డే అన్నం. అందులోనూ ఎక్కువమంది వేసింది లంపర్ అనే ఒక్క రకమే. గడ్డ ముక్కతోనే మళ్లీ విత్తుతారు కాబట్టి ఆ మొక్కలన్నీ ఒకే మొక్కకు నకళ్లు. ఒక చేను లొంగిందంటే ఊరంతా లొంగినట్టే. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. ఆ కొద్ది ఏళ్లలో ఆకలికి, జ్వరాలకు సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు. 1841 జనాభా లెక్కల్లో ఆ దేశంలో ఉన్నది 82 లక్షల మందే. జనం చస్తుంటే ఐర్లాండ్ రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. గుంటూరు సీమను 1833లో డొక్కల కరువు ఊడ్చేసి అప్పటికి పన్నెండేళ్లే. తెగులు పంటను చంపింది, అంతమంది చావులో మాత్రం బ్రిటిష్ పాలకుల పాపం ఉంది. ఈ రెండూ కలిపి చెప్పకపోతే ఆ కరువు కథ సగమే చెప్పినట్టు.

అప్పట్లో పెద్దపెద్ద పండితులు కూడా వానలు ఎక్కువై గడ్డ కుళ్లిందనే అన్నారు. బూజు కుళ్లిన తర్వాత వచ్చిందని వాళ్ల నమ్మకం. కాదు, బూజే కారణమని 1846లో గట్టిగా వాదించినవాడు మైల్స్ బర్క్‌లీ అనే ఇంగ్లీషు చర్చి పూజారి. ఎక్కువమంది నమ్మలేదు. జర్మనీలో ఆంటన్ డి బారీ 1861లో ప్రయోగం చేసి రుజువు చేశాక గానీ వాదం తేలలేదు. 1876లో ఆయనే దానికి ఫైటాఫ్తోరా అని పేరు పెట్టాడు, మొక్కలను నాశనం చేసేది అని అర్థం. మనం శిలీంధ్రం అంటాం గానీ, వంశం చూస్తే అది నీటి నాచులకు దగ్గర చుట్టం. చల్లటి నీటి బొట్టు దొరికితే దాని బీజకోశం పగిలి, ఈదే బీజాలు బయటికొస్తాయి. ముసురు పట్టగానే రైతుకు టెన్షన్ మొదలయ్యేది ఇందుకే.

మందు దొరికింది వేరే పంటలో. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర ద్రాక్ష తోటల్లో, దారిన పోయేవాళ్లు పళ్లు కోయకుండా అంచు సాళ్లకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఆ సాళ్లకు బూజు తెగులు రాలేదని మియార్డే అనే శాస్త్రవేత్త 1882లో గమనించి, 1885లో మందుగా ప్రకటించాడు. మన రైతులు ఇప్పటికీ కలిపే బోర్డో మిశ్రమం అదే. కిలో మైలుతుత్తం ఒక దాంట్లో, కిలో సున్నం ఇంకో దాంట్లో కరిగించి, మొత్తం వంద లీటర్లు అయ్యేలా కలపాలి. ఇనప పాత్ర వాడకూడదు. తుత్తం నీళ్లనే సున్నం నీళ్లలో పోయాలి. కలిపాక అందులో కొడవలి మొన కాసేపు ముంచి తీయాలి. మొన మీద రాగి రంగు ఎక్కితే సున్నం చాలలేదని లెక్క, అలాగే కొడితే ఆకు కాలిపోతుంది. ప్రయోగశాల అక్కర్లేని ఇంత మంచి పరీక్ష ఇంకోటి నాకు కనబడలేదు.

మన దేశంలోకి ఈ తెగులు 1870–80 మధ్య నీలగిరుల్లో అడుగుపెట్టింది. 1883లో డార్జిలింగ్‌లో కనబడింది. అక్కడి నుంచి హిమాలయాల కొండలకూ, తర్వాత గంగా మైదానానికీ దిగింది. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారిన కేంద్రీయ ఆలూ పరిశోధన సంస్థ, తెగులుకు తట్టుకునే కుఫ్రీ జ్యోతిని 1968లో ఇచ్చింది. సిమ్లా దగ్గరి కుఫ్రీ ఊరి పేరే ఈ రకాలకు ఇంటిపేరు. జ్యోతి ఏళ్ల తరబడి దేశాన్ని ఆదుకుంది. చివరికి తెగులు దానికీ అలవాటు పడింది.

మందుల సంగతీ అంతే. 1977లో మెటలాక్సిల్ వచ్చింది. ఆకులోకి ఇంకి లోపలి నుంచి పనిచేసే మందు కాబట్టి ఇక బెంగ లేదనుకున్నారు. 1980కల్లా ఐర్లాండ్, నెదర్లాండ్స్‌లో దానికి లొంగని తెగులు పుట్టేసింది. అలా లొంగని 13_ఏ2 అనే రకం ఐరోపా నుంచి దక్షిణాదికీ చేరి, 2009–10లో కర్ణాటక టమాటా తోటలను చీల్చి చెండాడింది. ఈ తెగులుకు టమాటా, ఉర్లగడ్డ తేడా లేదు. రెండూ పక్కపక్కనే పండే మదనపల్లె, పలమనేరు వైపు ఈ సంగతి ఎంత చెప్పినా తక్కువే.

మా ఇంట్లో ఒక ఏడాది షాపతను ఇచ్చిన ఒకే మందును మూడుసార్లు కొట్టాం. మూడోసారి కొట్టి వచ్చిన సాయంత్రం నాన్న గట్టు మీద కూర్చుని, “మందు కాదురా, అలవాటు కొడుతున్నాం” అన్నాడు. లంపర్ అయినా, జ్యోతి అయినా, మెటలాక్సిల్ అయినా, ఒక్కదాన్నే నమ్ముకున్న ప్రతిచోటా దెబ్బ తగిలింది.

ఇప్పుడు శాస్త్రవేత్తలు చెప్పేది మచ్చ రాకముందే మొదలుపెట్టమని. ముసురు పట్టేలా ఉంటే ముందే మాంకోజెబ్ లీటరుకు రెండు, రెండున్నర గ్రాములు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. మచ్చ కనబడ్డాక సైమోక్సనిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు మూడు గ్రాములు. మళ్లీ కొట్టాల్సి వస్తే డైమెథోమార్ఫ్ లాంటి వేరే జాతి మందుకు మారాలి. సాళ్లకు మట్టి బాగా ఎగదోస్తే ఆకు మీది బీజాలు వానకు జారి గడ్డను చేరడం తగ్గుతుంది. తవ్వడానికి పది పదిహేను రోజుల ముందే పై మొక్క కోసి చేను బయట పడేయాలి. కుళ్లు గడ్డల కుప్ప గట్టు మీద వదిలేస్తే వచ్చే ఏడాది తెగులుకు మనమే విత్తనం దాచినట్టు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది విత్తనం మూట. మన దగ్గరికి విత్తనం గడ్డ చాలావరకు ఉత్తరాది నుంచి లారీల్లో వస్తుంది. 1845లో దేశాలు దాటినట్టే ఈ తెగులు ఈరోజుకీ గడ్డలోనే కూర్చుని ప్రయాణం చేస్తుంది. మూట విప్పాక అనుమానం ఉన్న గడ్డలు నాలుగు కోసి చూడండి. తొక్క కింద ఇటుక రంగు మరక లోపలికి పాకి ఉంటే, డబ్బు పోయినా సరే, ఆ మూటను చేలోకి పోనివ్వకండి. కోసిన కత్తిని కడిగాకే ఇంకో మూట ముట్టండి.