నో బిడ్ ఆటగాళ్లు: మా బాస్కెట్‌బాల్ లీగ్ గొడవ వెనక కథ

ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, నెల్లూరు. ఈ నాలుగు ఊళ్లలో ఉన్న పన్నెండు మందిమి కలిసి ఆడుకునే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో మూడు వారాలుగా ఒకటే రచ్చ. మాలో నిజంగా బాల్ పట్టుకుని కోర్టులో దిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లకి పరుగెత్తితే ఆయాసం. ఇక్కడ ఆడేది మేము కాదు, కంప్యూటర్. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఎవర్ని మొదటి ఐదుగురిలో దింపాలి అన్నది మా పని. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక లీగ్ నడిపే మా కమిషనర్ ఆ వారం మ్యాచ్‌లన్నీ నడిపి స్కోర్లు పంపుతాడు. ఆ తర్వాత ఎవరికీ నిద్ర ఉండదు.

ఈసారి కప్పు కొట్టింది మా అందరిలోకీ తక్కువ ఖర్చు పెట్టిన జట్టు. దాని ఓనరు టంగుటూరు మనిషి. ఫైనల్‌లో మ్యాచ్ తిప్పేసింది 32 ఏళ్ల ఆటగాడు. ఓవరాల్ రేటింగ్, అంటే అన్నీ కలిపిన మార్కు, వందకు 54. సీజన్ మధ్యలో వాణ్ణి నెల్లూరు జట్టు నుంచి ఒక రెండో రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాళ్లను పంచుకునేటప్పుడు ఎంచుకునే వంతు) ఇచ్చి తెచ్చుకున్నాడు. అప్పుడు గ్రూపులో అందరం నవ్వాం. "ఏంది సామీ, ముసలోణ్ణి తెచ్చుకుంటే ఆస్పత్రి ఖర్చులు ఎవురు పెడతారు?" అని పెట్టింది కూడా నెల్లూరు మిత్రుడే. ఫైనల్ అయ్యాక మాత్రం మాట మారింది. ఆ ట్రేడ్ అన్యాయం, వచ్చే సీజన్ నుంచి వీటో పెట్టాలి, ధర మరీ తక్కువగా ఉంటే మిగతావాళ్లు ఓటేసి ఆపాలి అని పట్టు. ఓటింగ్ వచ్చే ఆదివారం.

ఒక ఆటగాడి ధర తక్కువని తేల్చేది ఎవరు, ఏ లెక్క పట్టుకుని? ఈ తగువు మా లీగ్‌తో పుట్టింది కాదు.

టంగుటూరు మిత్రుణ్ణి అడిగితే పొగాకు కథ చెబుతాడు. వాళ్లది పొగాకు పండించే ఇల్లు. వేలం కేంద్రంలో బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. బయ్యర్లు నడుచుకుంటూ వస్తారు. ఆకు లాగి, వేళ్ల మధ్య నలిపి, రంగు చూసి, ధర కట్టి ముందుకు పోతారు. ఒక్కో బేలు దగ్గర ఆగేది కొన్ని క్షణాలు. నెలల తరబడి చేసిన చాకిరీకి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా కాసిన కాపలాకు ఆ కొన్ని క్షణాల్లో విలువ కట్టేస్తారు. బ్రైట్ గ్రేడ్ అయితే పోటీ పడతారు. కాస్త రంగు మారితే ఎవరూ పాడరు. దాన్ని నో బిడ్ అంటారు. ఆ బేలును ఇంటికి తెచ్చుకుని, విప్పి, మళ్లీ గ్రేడ్ చేసి, ఇంకో రోజు పెడితే ఒక్కోసారి అదే ఆకు మంచి ధరకే పోతుంది. "ఆకు మార్లా మామా, చూసే కన్ను మారింది" అంటాడు. మా లీగ్‌లో అతను చేసేదంతా నో బిడ్ బేళ్లు ఏరుకోవడమే.

బాస్కెట్‌బాల్‌లో ఈ నో బిడ్ల చరిత్ర అంటే ఏది లెక్కపెట్టారు, ఏది వదిలేశారు అన్న చరిత్ర. ఇప్పటి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) 1946లో వేరే పేరుతో మొదలై, 1949లో ఈ పేరు పెట్టుకుంది. మొదట్లో రాసుకున్నవి పాయింట్లు, అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌లు), ఫౌళ్లు వంటివి. రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బాల్ అందుకోవడం) రాయడం 1950-51లో మొదలైంది. స్టీల్స్ (ఎదుటివాళ్ల బాల్ లాక్కోవడం), బ్లాక్‌లు (షాట్‌ను గాల్లోనే ఆపడం) అయితే 1973-74 దాకా అధికారిక లెక్కలోనే లేవు. బోస్టన్ సెల్టిక్స్ తరఫున 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన బిల్ రస్సెల్ 1969లోనే రిటైరయ్యాడు. జీవితమంతా ఎదుటివాళ్ల షాట్లు ఆపినవాడికి రికార్డు పుస్తకంలో ఒక్క బ్లాక్ కూడా లేదు. రస్సెల్‌ను ఎవరూ తక్కువ చేయలేదు లెండి, ఐదుసార్లు ఎంవీపీ, అంటే సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు, ఇచ్చారు. అంత ఎత్తున ఉన్నవాణ్ణి లెక్కలు లేకపోయినా కన్ను పట్టేస్తుంది. అదే పని చిన్న స్థాయిలో చేసిన మామూలు ఆటగాడి గతి ఏమిటి? జీతం మాట్లాడుకునేటప్పుడు చూపించడానికి వాడి చేతిలో ఏ కాగితం ఉంది?

బాల్ పోగొట్టుకోవడాన్ని, అంటే టర్నోవర్లను, ఆటగాడివారీగా 1977-78 నుంచి రాస్తున్నారు. మూడు పాయింట్ల గీత 1979-80లో వచ్చింది. వచ్చిన ఏడాది ఒక్కో జట్టు సగటున మ్యాచ్‌కు మూడు సార్లు కూడా ఆ గీత వెనక నుంచి వేయలేదు. ఇప్పుడు ఆ సంఖ్య 35 దాటింది. మూడు రెండు కంటే ఎక్కువ అన్నది ఎలిమెంటరీ స్కూలు పిల్లాడికీ తెలుసు. అయినా దూరం నుంచి వేసేవాడి అసలు విలువ మార్కెట్‌కి ఎక్కడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. గీత గీయగానే ధర మారలేదు, అలవాటు మారాక మారింది.

ఇంకో మలుపు డబ్బు వైపు నుంచి వచ్చింది. 1984-85లో ఎన్‌బీఏ జట్ల జీతాలకు పరిమితి (శాలరీ క్యాప్) పెట్టారు, మొదటి ఏడాది 36 లక్షల డాలర్లు. అంతకుముందు చౌకగా దొరికిన మంచి ఆటగాడు ఓనరుకు కాస్త డబ్బు మిగిల్చేవాడు, అంతే. పరిమితి వచ్చాక వాడి వల్ల మిగిలిన డబ్బుతో ఇంకొకణ్ణి కొనొచ్చు. చౌక అన్నదే ఒక ఆయుధం అయిపోయింది. మా లీగ్‌లోనూ గొడవకు మూలం ఇదే. శాలరీ క్యాప్ లేకుంటే ఆ 32 ఏళ్లాయన గురించి ఎవరు పట్టించుకుంటారు?

ఊహా జట్లు కట్టుకుని ఆడే సరదా అమెరికాలో బేస్‌బాల్‌తో మొదలైంది. 1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ అనే బోర్డు ఆటలో పాచికలు వేసి, కార్డుల మీద ఉన్న అంకెలతో మ్యాచ్ నడిపేవాళ్లు. 1980లో న్యూయార్క్‌లోని ఒక ఫ్రెంచ్ రెస్టారెంట్ పేరుతో పుట్టిన రొటిసెరీ లీగ్ దానికి వేలంపాటను కలిపింది. చేతిలో పరిమితమైన డబ్బు, ఎదురుగా అదే డబ్బుతో కూర్చున్న స్నేహితులు. పేరున్నవాడి కోసం అందరూ ఎగబడి డబ్బు ఊడ్చుకుంటే, చివర్లో నోరు మూసుకు కూర్చున్నవాడికి మంచి సరుకు చౌకగా దొరుకుతుంది. వేలంలో కూర్చున్న ఎవరికైనా ఇది తెలుసు, ఒంగోలులో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు.

నిజమైన జట్లు ఈ తెలివిని బాహాటంగా వాడింది కొంచెం ఆలస్యంగానే. 2002లో ఓక్లాండ్ అనే బేస్‌బాల్ జట్టు, తనకన్నా దాదాపు మూడింతలు జీతాలిచ్చే న్యూయార్క్ యాంకీస్‌తో సమానంగా 103 మ్యాచ్‌లు గెలిచింది. మిగతావాళ్లు పట్టించుకోని అంకెలున్న ఆటగాళ్లను ఏరుకోవడం వాళ్ల పద్ధతి. బాస్కెట్‌బాల్‌లో లెక్కల నిపుణుడు డీన్ ఆలివర్ గెలుపును నాలుగు భాగాలుగా విడదీసి చూపించాడు: షాట్లు ఎంత బాగా పడుతున్నాయి, బాల్ ఎంత తక్కువగా పోతోంది, రీబౌండ్లు ఎన్ని దక్కుతున్నాయి, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే దక్కే షాట్లు) ఎన్ని వస్తున్నాయి. పాయింట్ల పట్టిక ఒక్కటే చూసేవాళ్లకి ఇది కళ్లద్దాలు పెట్టినట్టయింది.

మా గ్రూపులో ఎప్పుడూ వచ్చే పేరు మాత్రం బెన్ వాలెస్. 1996 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ అతని పేరు చదవలేదు. అచ్చమైన నో బిడ్. ఆ తర్వాత నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అవార్డు, 2004లో డెట్రాయిట్‌తో టైటిల్, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్. ఏ సీజన్‌లోనూ అతని సగటు పది పాయింట్లకు చేరలేదు. పాయింట్ల వరసలో చూస్తే బెంచీ మీద కూర్చోబెట్టాల్సిన మనిషి! నికోలా యోకిచ్‌ది ఇంకో రకం. 2014లో 41వ పిక్‌గా పోయాడు. ఎగరలేడు, పరుగు మామూలు, ఒళ్లు బొద్దుగా ఉండేది. 2021, 2022, 2024ల్లో ఎంవీపీ అయ్యాడు. వాలెస్ విషయంలో కావాల్సిన అంకె చాలినంతగా చూడలేదు. యోకిచ్ విషయంలో ఒంటిని చూసి బుర్రను వదిలేశారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన ఒంగోలు గిత్త సంగతి ఇంతే కదా. ట్రాక్టర్లు వచ్చాక ఇక్కడ పొలంలో దానికి పని తగ్గింది, పోషించలేక వదులుకున్నవాళ్లు ఎందరో. బ్రెజిల్‌లో అదే జాతిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. అక్కడ మాంసపు పశువుల్లో దానిదే రాజ్యం. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. జంతువు అదే. ఇక్కడ అడిగింది దుక్కి, అక్కడ అడిగింది మాంసం.

సిమ్యులేషన్ ఆటల దగ్గరికొస్తే విషయం తమాషాగా ఉంటుంది. 1997లో స్వీడన్‌లో మొదలైన హాట్రిక్ అనే ఫుట్‌బాల్ ఆట ఈ ఆన్‌లైన్ మేనేజర్ ఆటలకు దారి వేసింది. ఆ దారిలో బాస్కెట్‌బాల్‌కు బజర్‌బీటర్ వచ్చింది. తర్వాత బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే బాస్కెట్‌బాల్ జీఎం వచ్చింది. మా లీగ్ నడిచేది ఇందులోనే. దీన్లో ఒక్కో ఆటగాడికి ఎత్తు, బలం, వేగం, గెంతు మొదలు త్రీ పాయింట్, పాసింగ్, డిఫెన్స్ ఐక్యూ దాకా 15 అంకెలుంటాయి. కోడ్ కూడా బయటే ఉంది, ఓపిక ఉన్నవాడు చదువుకోవచ్చు. నిజ జీవితంలో ధర తప్పడానికి కారణం లెక్కపెట్టకపోవడం అనుకుంటే, ఇక్కడ అన్నీ లెక్కపెట్టే ఉన్నాయి. మరి చౌక ఆటగాళ్లు ఎలా మిగిలారు?

నాకు తోచిన కారణం, మనిషికి పదిహేను అంకెలు చూసే ఓపిక లేదు. వాటన్నిటినీ కలిపి తీసిన ఓవరాల్ ఒక్కటి చూస్తాడు. అది గ్రేడ్ చీటీ లాంటిది. మామూలు జట్టులో మామూలుగా ఈ ఆటగాడు ఎంత అని చెబుతుంది. నీ జట్టులో ఎంత అని చెప్పదు. పైగా అందులో ఎత్తుకు వాటా పెద్దది. పొట్టిగా ఉండి, దూరం నుంచి వేస్తూ, బుర్రతో డిఫెన్స్ చేసేవాడు అక్కడే వెనకబడిపోతాడు. టంగుటూరు జట్టులో లోపల నిలబడి ఆడే పెద్ద మనిషి ముందే ఉన్నాడు. వాడికి కావాల్సింది చుట్టూ దూరం నుంచి వేసేవాళ్లు. ఒకదానికొకటి సరిపడే నైపుణ్యాలు జతకూడితే అదనపు బలం వచ్చేలా ఆటలోనే ఏర్పాటుంది. ఆ 54 రేటింగ్ ముసలాయన త్రీ పాయింట్ అంకె 78, డిఫెన్స్ ఐక్యూ 81. వేగం చూస్తే జాలేస్తుంది. నెల్లూరు జట్టుకి అప్పటికే అలాంటివాళ్లు నలుగురున్నారు, లోపల ఆడేవాడు లేడు. అక్కడ ఆయన నిజంగానే 54.

వయసు ఇంకో కారణం, దీన్ని అన్యాయం అనడం కష్టం. ముప్పై దాటితే అంకెలు దిగుతాయని అందరికీ తెలుసు, కాబట్టి ధరలో రేపటి భయం కలిపి ఉంటుంది. కంప్యూటర్ నడిపే జట్లు కూడా పెద్ద వయసువాళ్లకు తక్కువే ఇస్తాయి, పిల్లల కోసం, డ్రాఫ్ట్ పిక్‌ల కోసం ఎగబడతాయి. ఈ ఏడాదే కప్పు కావాలనుకునేవాడికి రేపటితో పని లేదు. వాడికి ఆ భయమంతా డిస్కౌంటే.

బజర్‌బీటర్‌లో దారి వేరు. అక్కడ జీతం ఆటగాడికి ఏ స్థానంలో ఎక్కువ వస్తుందో ఆ స్థానం లెక్కన పడుతుంది. ఒకే విద్యలో దిట్ట అయినవాడి జీతం ఆకాశాన్నంటుతుంది. అన్నీ ఓ మాదిరిగా వచ్చినవాడు, అంటే పొడుగ్గా ఉండి పాస్ కూడా ఇవ్వగలిగినవాడు, చేసే పనికి తక్కువ జీతానికి దొరుకుతాడు. అందుకే అక్కడి పాత కాపులు పక్క విద్యలు నేర్పించడానికి సీజన్లకు సీజన్లు ఖర్చు పెడతారు. సూత్రం మారితే చౌక సరుకు చోటు మారుతుంది.

మా లీగ్‌లో డబ్బు లేదు, ఆ మాట కూడా చెప్పాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటలను నిషేధించింది, 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. మేము మొదటినుంచీ ఓడినవాడు బిర్యానీ పెట్టించాలి అన్న షరతు కూడా పెట్టుకోలేదు. పరువు ఒక్కటే పందెం, దానికే ఇంత టెన్షన్.

వీటో అడుగుతున్నవాళ్ల వాదనలో పస లేదని నేను అనను. స్నేహితుల లీగుల్లో వీటో పుట్టిందే కుమ్మక్కును ఆపడానికి. ఆశ వదులుకున్న ఓనరు సీజన్ చివర తన మంచి ఆటగాణ్ణి బావమరిదికి ఊరికే ఇచ్చేస్తే మిగతా పదిమంది ఏం కావాలి? అలాంటిది జరిగితే నేనే ముందు చెయ్యెత్తుతాను. కానీ ఈ ట్రేడ్ జరిగిన రోజు ఓటు పెట్టి ఉంటే పన్నెండు మందిలో ఒక్కడు కూడా అభ్యంతరం చెప్పేవాడు కాదు. ఎగతాళి చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, గ్రూపులో ఆ మెసేజ్ ఇంకా ఉంది. ఫైనల్ చూసి వెనక్కి వెళ్లి ధర కట్టడం వీటో కాదు.

ఈలోపు కమిషనర్ కొత్త సీజన్ ఫైల్ తెరిచాడు. ముసలాయన వయసు 33, ఓవరాల్ 54 నుంచి 49కి దిగింది. టంగుటూరు మిత్రుడు వాణ్ణి ఆ రాత్రే అమ్మకానికి పెట్టాడు. ఇది రాస్తున్న సమయానికి ఒకే ఒక్క ఆఫర్ వచ్చింది, నెల్లూరు జట్టు నుంచి. మొదటి రౌండ్ పిక్ ఇస్తానంటున్నాడు.