ఆవు మేత గుర్రానికి, కుక్క మందు పిల్లికి: చిన్న తోటల్లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల శంకర్‌పల్లి, చేవెళ్ల, షాద్‌నగర్ వైపు ఎకరమో రెండెకరాలో కొనుక్కుని, నాలుగు కూరగాయ మళ్లు వేసి, కుక్కనీ కోళ్లనీ ఆవునీ పెంచుకునేవాళ్లు బాగా పెరిగారు. ఈ మధ్య గుర్రాలూ వస్తున్నాయి. నేను పశువైద్యుణ్ని. మాకూ ఆ వైపే చిన్న తోట ఉంది. గుర్రాలు, ఆవు, కుక్కలు, పిల్లి, నాటుకోళ్లు అన్నీ ఒకే కంచె లోపల బతుకుతాయి. ఆవును ఎలా చూసుకోవాలో మనవాళ్లకు తెలుసు, కుక్కనూ తెలుసు. ఒకదాని మేత ఇంకొకదాని కడుపులో పడితే ఏమవుతుందో మాత్రం చాలామందికి తెలియదు. ప్రాణం మీదికొచ్చి నాకు ఫోన్ చేసే కేసుల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే.

అపోహ: ఆవు తినేదంతా గుర్రానికీ పెట్టొచ్చు, రెండూ గడ్డి మేసేవే కదా

ఆవు మేసింది ముందు పెద్దపొట్టలోకి పోతుంది. అక్కడ ఉండే సూక్ష్మజీవులు గడ్డిని అరిగించడంతో పాటు అందులోని హానికర పదార్థాలను చాలావరకు విరిచేస్తాయి. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. ఒకటే పొట్ట, అదీ 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. పీచు అరిగేది ఆ తర్వాత, పెద్దపేగులో. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ఏదైనా చివరిదాకా ప్రయాణం చేయాల్సిందే.

ఇప్పుడు ప్రతి తోటలోనూ కనిపించే సూపర్ నేపియర్ గడ్డినే తీసుకోండి. పాడి ఆవుకు బాగానే పనికొస్తుంది. ఈ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని విరగ్గొడతాయి కాబట్టి దానికి పెద్దగా ఇబ్బంది ఉండదు. గుర్రానికి ఆ కాల్షియం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. దీనికి తోడు బలం కోసమని తవుడు పెడతారు. తవుడులో భాస్వరం విపరీతం, కాల్షియం చాలా తక్కువ. ఈ రెండూ కలిసి నెలల తరబడి సాగితే రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి శరీరం ఎముకలనే కరిగించుకుంటుంది.

మొదట కనిపించేది కుంటు. ఇవాళ ముందు కాలు, కొన్నాళ్లకు వెనక కాలు. అందరూ లాడాలు సరిగ్గా పడలేదనుకుని లాడాలు మార్పిస్తారు. తర్వాత మొహం రెండు వైపులా, కళ్ల కింద దవడ ఎముక ఉబ్బుతుంది. తేనెటీగలు కుట్టాయేమో సార్ అంటూ తీసుకొస్తారు. వేలితో నొక్కి చూస్తే అది నీరు కాదు, గట్టిగా తగులుతుంది, ఎముకే లావెక్కి ఉంటుంది. తొందరగా పట్టుకుంటే మేత మార్చి, కాల్షియం ఇచ్చి కుంటు తగ్గించవచ్చు. ఉబ్బిన మొహం మాత్రం చాలాసార్లు పూర్తిగా పాత రూపానికి రాదు.

మరేం పెట్టాలి? మనం కూరగాయ మళ్లలోంచి తిట్టుకుంటూ పీకేసే గరికే గుర్రానికి చాలా మంచి మేత. తోటలో ఒక మూల గరికను వదిలేయండి. ఎండుగడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి, కాస్త లూసర్న్ అనే పచ్చిమేత, గుర్రాలకని తయారైన ఖనిజ మిశ్రమం, నాకడానికి ఒక ఉప్పు గడ్డ. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండు మేత లెక్క వేసుకోండి.

అపోహ: ఉలవలు ఎంత పెడితే గుర్రానికి అంత బలం

ఉలవలు మంచివే. ఉడకబెట్టి, కొలత ప్రకారం, పని చేసే గుర్రానికి పెట్టాలి. తోటలో ఊరికే నిలబడి ఉండే గుర్రానికి శనివారం వచ్చిన పిల్లలు ప్రేమగా బకెట్ నిండా దాణా పెడితే ఆదివారం పొద్దుటికి కడుపునొప్పి. ఒక్క పూటకు దాణా 2 కిలోలు దాటకూడదు, రోజులో రెండు మూడు సార్లుగా విడగొట్టాలి. మోతాదు మించిన దాణా పెద్దపేగులో పులిసి, గిట్టల లోపలి పొరలను కూడా దెబ్బ తీస్తుంది. అలా గిట్టలు పాడైన గుర్రం ముందరి కాళ్ల మీద బరువు వేయలేక వెనక్కి ఒరిగి నిలబడుతుంది. ఒకసారి చూస్తే ఆ నిలువు మర్చిపోలేం.

కడుపునొప్పి ఆనవాళ్లు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ముందు కాలితో నేల గీరుతుంది, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటుంది, పడుకుని దొర్లుతుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. లద్ది వేయడం ఆగిపోతుంది. వెంటనే మేత తీసేసి డాక్టర్‌ను పిలవండి. తల పైకెత్తి బొంగుతోనో సీసాతోనో నూనె పోయొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే, నొప్పి తగ్గినా న్యుమోనియాతో గుర్రం పోతుంది. మేం నూనె ఎక్కించేది ముక్కులోంచి పొట్ట దాకా గొట్టం వేసి.

అపోహ: పిడుదుల మందు ఒక్కటే, అన్నిటికీ కొట్టేయొచ్చు

ఆవుకు పిడుదుల కోసం అమిత్రాజ్ మందు కలిపిన బకెట్ మిగిలింది. అదే కుక్కకు, అదే గుర్రానికి. ఈ వరస చాలా తోటల్లో జరుగుతుంది. ఆవుకు, కుక్కకు తగిన మోతాదులో వాడే ఈ అమిత్రాజ్ గుర్రానికి పడదు. పేగుల కదలికను ఆపేస్తుంది, మేసిందంతా లోపల గట్టిపడిపోతుంది. పిచికారీ చేసిన మర్నాడో ఆ మర్నాడో కడుపునొప్పి మొదలవుతుంది కాబట్టి, మందుకూ దానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

పిల్లి సంగతి ఇంకా సున్నితం. కుక్కల మెడ మీద చుక్కలుగా వేసే పర్మెత్రిన్ మందు పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి. వేయకపోయినా, మందు ఆరకముందే కుక్కను ఒరుసుకుని పడుకున్న పిల్లికీ రావచ్చు. మన ఇంట్లో వాడే పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది, అర బిళ్ల చాలు. కుక్క కుంటుతోందని ఐబుప్రోఫెన్ వేస్తే పొట్టలో పుండ్లు, కిడ్నీ దెబ్బ. పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించింది. ఆ మందు వేసిన పశువు కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోయాయి, వాటి జాతే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అయినా ఇంట్లో మిగిలిన మనుషుల మందు ఇస్తే పోదా అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఇవ్వకండి.

అపోహ: కోళ్ల దాణా ధాన్యమే కదా, గుర్రం నాలుగు బుక్కలు తింటే ఏమవుతుంది

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసం రాసినందుకు నాకు తృప్తి. కోడిపిల్లలకు రక్త విరేచనాలు రాకుండా దాణాలో మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి అవి మేలు. గుర్రానికి మాత్రం చాలా కొద్ది మోతాదులోనే గుండె కండరాన్ని నాశనం చేస్తాయి. విరుగుడు లేదు. బతికి బట్టకట్టిన గుర్రానికి కూడా గుండె బలహీనంగా మిగిలిపోవచ్చు, సవారీకి ఎప్పటికీ పనికిరాకపోవచ్చు. కోళ్ల దాణా సంచి మూత బిగిసే డ్రమ్ములో, గుర్రం మూతి చేరని గదిలో, గడియ పెట్టి ఉంచండి. రెండు దాణాలకూ ఒకే తట్ట వాడొద్దు. కొన్ని పశువుల దాణాల్లోనూ మొనెన్సిన్ కలుపుతారు, సంచి మీద చదవండి. చదవడానికి సంచి మీద ఏమీ రాసి లేకపోతే ఆ దాణా గుర్రానికి పెట్టొద్దు.

అపోహ: జంతువులకు తెలుసు, విషపు ఆకు ముట్టవు

సగం నిజం కాబట్టి ఈ మాట ఎక్కువ ప్రమాదం. పచ్చి గన్నేరు ఆకు చేదు, గుర్రం మామూలుగా ముట్టదు. "పశువులు తినవు సార్, అందుకే కంచెకు వేశాం" అని గర్వంగా చూపిస్తారు కూడా. చిక్కు కత్తిరించిన రోజు వస్తుంది. తోటమాలి కొమ్మలు కొట్టి కుప్ప వేస్తాడు, నాలుగు ఆకులు గాలికి గడ్డి మోపులోకి చేరతాయి. వాడిపోయిన ఆకును గడ్డితో కలిపి తినేస్తాయి. ఎండినా అందులో విషం అలాగే ఉంటుంది, గుప్పెడు ఆకులు గుర్రం గుండె ఆపడానికి సరిపోతాయి. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ అంతే. పశువులున్న తోటలో అవి వద్దు. ఉన్నవాటిని తీసేటప్పుడు ఆకులన్నీ ఊడ్చి, గుంత తీసి పూడ్చండి. కాల్చొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు.

సుబాబుల్ చెట్టు ఆకు మేకలకు, ఆవులకు కొంత కొంతగా పెడతారు. గుర్రానికి పెడితే జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి, ఆపేస్తే మళ్లీ వస్తాయి. పచ్చి జొన్న గుర్రానికి మేపొద్దు, నడుము, మూత్రాశయం పట్టు తప్పుతాయి. వానలు వెనకబడి, తర్వాత చినుకు పడ్డాక లేచిన లేత జొన్న పిలకలు ఆవుకూ ప్రమాదమే, నిమిషాల్లో పడిపోతుంది. ఈ సంగతి మన పాత రైతులకు బాగా తెలుసు, కొత్తగా పొలం కొన్నవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

అపోహ: సేంద్రియ ఎరువు అంటే ఎవరికీ హాని లేదు

ఆముదం పిండి మొక్కలకు మంచి ఎరువు. గులాబీ మొదట్లో వేసి మట్టి కప్పగానే కుక్క వెళ్లి తవ్వుకుని తింటుంది, ఆ వాసన దానికి ఇష్టం. అందులో రైసిన్ అనే విషం మిగిలి ఉంటుంది. కొన్ని గంటలకో మర్నాటికో వాంతులు, రక్త విరేచనాలు. అందరూ కుక్కలకు వచ్చే పార్వో వైరస్ జబ్బు అనుకుంటారు, కానీ టీకాలు వేసిన పెద్ద కుక్కకు ఉన్నట్టుండి ఇలా అయితే నేను ముందు అడిగేది ఎరువు గురించే. కుక్క ఉన్న ఇంట్లో వేపపిండి వాడుకోండి.

గుర్రపు లద్ది బంగారంలాంటి ఎరువు, కానీ పచ్చిది వేరు, మాగింది వేరు. పచ్చి లద్దిలో అరగని గడ్డి గింజలు అలాగే ఉంటాయి, వేసిన మడి నిండా కలుపు మొలుస్తుంది. కుప్ప వేసి, తడిపి, తిరగేస్తూ మాగనివ్వాలి. కొబ్బరి చెట్లు ఉంటే కుప్పను వాటికి దూరంగా పెట్టండి, కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడ కుప్పల్లోనే. కుప్ప తిరగేసినప్పుడు తెల్లగా, లావుగా, వంకర తిరిగి కనిపించే పురుగులను కోళ్లకు వదిలేయండి, క్షణాల్లో ఖాళీ చేస్తాయి. లద్దిలో ధనుర్వాతం బీజాలు ఉంటాయి. గుర్రానికి ఆ జబ్బు చాలా త్వరగా అంటుకుంటుంది, ఏటా టీకా వేయించాలి. తోట మట్టిలో చేతులు పెట్టే మీకూ ధనుర్వాతం టీకా గడువు దాటకూడదు.

అపోహ: చెమట పట్టిన గుర్రానికి చల్లటి నీళ్లు తాగించకూడదు

తాగించాలి, ఒంటి మీద పోయాలి కూడా. 1996 అట్లాంటా ఒలింపిక్స్ వేడిలో గుర్రాలను ఎలా కాపాడాలని ముందుగానే చేసిన పరిశోధనల్లో చల్లటి నీళ్లతో హాని లేదని, మేలేనని తేలింది. మన మే నెలకు ఇంతకంటే అవసరమైన సలహా లేదు.

అపోహ: మన ఇంటి కుక్కే కదా, రేబిస్ ఎక్కడిది

తోట కుక్క గేటు దాటుతుంది, ఊరకుక్కలతో కొట్లాడుతుంది. మూడు నెలలకు మొదటి టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన గడువులో మళ్లీ మళ్లీ. కరిస్తే కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. పారే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. చేతికి వేసే నాలుగైదు డోసులే, కాటు లోతును బట్టి గాయం చుట్టూ సీరం కూడా వేస్తారు.

ఆవుకూ గుర్రానికీ కూడా రేబిస్ వస్తుందని చాలామందికి తెలియదు. ఆవు చొంగ కారుస్తుంది, మింగలేదు, గొంతు మారి అరుస్తుంది. గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని ఇంటి పెద్దాయన నోట్లో చేయి పెట్టి వెతుకుతాడు. ఆ చేతికి చిన్న గీత ఉన్నా చాలు. చొంగ కార్చే పశువు నోట్లో ఎవరూ ఒట్టి చేయి పెట్టొద్దు. ముందు డాక్టర్ చూడాలి.

అపోహ: వెల్లుల్లి, ఫినాయిల్ చల్లితే పాములు రావు

వస్తాయి. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది ఒలికిన దాణా కోసం. దాణా గది శుభ్రంగా ఉంచడమే మందు. కరిస్తే కట్లు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు, కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు మందు ఉంది. దాన్ని తయారుచేసేది గుర్రాల రక్తం నుంచే. కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రాల ఒంట్లో పుట్టిన రక్షణే మనకు మందు.

ఇంకొన్ని చిన్న అపోహలు కూడా ఉన్నాయి. పిల్లికి పాలు తప్పనిసరి కాదు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. కోడి గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది కానీ గాఢనిద్రకు రోజూ కాసేపైనా పడుకోవాలి, అందుకు పొడి నేల కావాలి.

అపోహ: పెళ్లి సీజన్ అయ్యాక గుర్రం చవకగా వస్తుంది, కొనేసుకుంటే అయిపోతుంది

కొన్న ధర మొదటి ఖర్చు మాత్రమే. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, పళ్లు చూపించాలి, తోడుగా ఇంకో గుర్రం ఉండాలి, ఒంటరి గుర్రం దిగులు పెట్టుకుంటుంది. మలక్‌పేట పందేల నుంచి రిటైరైన గుర్రాన్ని పిల్లల సవారీకని కొనేముందు, దాన్ని మళ్లీ నెమ్మదిగా నడక నేర్పే మనిషి మీకు ఉన్నాడా అని చూసుకోండి.

అన్నిటికంటే ముందు గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధికి పరీక్ష. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, ఒంటి మీద గడ్డలు, పుండ్లు దీని లక్షణాలు. ఏ లక్షణమూ లేకుండానూ ఉండొచ్చు. ఇది మనుషులకూ అంటుతుంది. గుర్రానికి తేలితే వైద్యం చేయరు, 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద దాన్ని నొప్పి లేకుండా చంపి పరిహారం ఇస్తారు. మీ పశువైద్యశాల డాక్టర్ తీసిన రక్త నమూనాను హర్యానాలోని హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి చోట పరీక్షిస్తారు. రిపోర్టు చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. తెచ్చాక కూడా కొన్ని వారాలు మిగతా జీవాలకు దూరంగా, వేరే తొట్టి, వేరే బకెట్ పెట్టి కట్టేయండి.