నల్లరేగడి మేతలో జింకు లోటు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దేగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగిళ్లలో కోడెదూడ బక్కగా కనిపిస్తే చాలు, "మినరల్ పొడి పెట్టు, లేస్తది" అంటారు. ఆ సలహాలో నిజం ఉంది. కానీ జింకు, రాగి లాంటి ఖనిజాలు కలిపిన ఆ పొడి తనంతట తాను కండ పెంచదు. మేతలో తక్కువైనదాన్ని పూడుస్తుంది. లోటు లేకపోతే పెట్టిన ఖర్చంతా పెండలో పోతుంది. కాబట్టి లోటు ఎక్కడుందో ముందు తెలియాలి.

అది మట్టిలోనే మొదలవుతుంది. నాందేడ్ జిల్లాలో చాలా భాగం నల్లరేగడి. అందులో సున్నం శాతం, క్షారగుణం ఎక్కువ. అలాంటి నేలలో జింకు ఉన్నా వేళ్లకు అందే రూపంలో ఉండదు. జొన్నకు అందకపోతే సొప్పలోకి రాదు, సొప్పలో లేకపోతే దూడకు రాదు. రాగి సంగతి ఇంకా చిక్కు. క్షార నేలల్లో మాలిబ్డినం అనే ఖనిజం మొక్కకు ఎక్కువగా అందుతుంది. రూమెన్ అనే పెద్ద పొట్టలో ఈ మాలిబ్డినం గంధకంతో కలిసి రాగిని పట్టేసుకుంటుంది. రక్తంలోకి పోనివ్వదు. అంటే మేతలో రాగి సరిపడా ఉన్నట్టు ల్యాబ్ రిపోర్టు చెప్పినా దూడ ఒంట్లో కొరత ఉండవచ్చు. మేతను పరీక్ష చేయించేటప్పుడు రాగితో పాటు మాలిబ్డినం, గంధకం కూడా చూడమని అడగాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఈ లోటు ఒంటిమీద కనిపిస్తుంది. వెంట్రుకకు రంగునిచ్చే ఎంజైమ్ రాగి లేకుండా పనిచేయదు. లాల్ కంధారి జాతి కోడె ముదురు ఎరుపు వెలిసిపోతుంది, దేవణి జాతి పశువు నల్లమచ్చలు తుప్పురంగుకు తిరుగుతాయి, కళ్ల చుట్టూ తెల్లబారుతుంది. జింకు తక్కువైతే మేత మీద ఇష్టం పోతుంది, కాళ్ల మీద, మూతి చుట్టూ చర్మం మందంగా పొలుసులు కడుతుంది, పుండ్లు త్వరగా మానవు. కడుపులో పురుగులున్నా వెంట్రుక కళ తప్పుతుంది కాబట్టి కంటితో చూసి తేల్చేయకూడదు. పశువుల డాక్టర్ రక్తం తీసి పరీక్షకు పంపాలి. కోబాల్టు అనే మరో ఖనిజం లెక్క వేరు. రూమెన్‌లోని సూక్ష్మజీవులు దానితో బి12 విటమిన్ తయారు చేస్తాయి. అది లేకపోతే పశువు తిన్న మేతను శక్తిగా మార్చుకోలేదు.

ఈ ఖనిజాలు, పెరుగుదల మీద ఎక్కువ పరిశోధన అమెరికాలో మాంసం కోసం పెంచే ఫీడ్‌లాట్లలో జరిగింది. నెబ్రాస్కా, కాన్సస్, టెక్సస్‌లలో వేల పశువులను దొడ్లలో ఉంచి మొక్కజొన్న దాణా పెడతారు. రోజుకు కిలోన్నర, అంతకు పైగా కూడా బరువు పెరుగుతాయి. 2016లో అక్కడి శాస్త్ర సంస్థ నేషనల్ అకాడమీస్ ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఎండు లెక్కన (తేమ తీసేసి తూస్తే) కిలో మేతలో 30 మిల్లీగ్రాముల జింకు, 10 మిల్లీగ్రాముల రాగి ఉంటే చాలు. చాలామంది న్యూట్రిషనిస్టులు జింకును అంతకు రెండు మూడు రెట్లు కలుపుతారు. దానికి ఒక కారణం ఉంది. లారీల్లో దూరం నుంచి వచ్చిన దూడలు టెన్షన్‌తో మొదటి వారాల్లో సరిగా తినవు, రోగాల పాలవుతాయి. తినే కొద్దిపాటి మేతలోనే అంతా అందాలి. అక్కడి ప్రయోగాల్లో కూడా ఖనిజాలు ఇస్తే లోటుతో వచ్చిన దూడలు బాగా తేరుకున్నాయి. సరిపడా ఉన్నవాటిలో ఎక్కువసార్లు తేడా రాలేదు.

మన పరిస్థితి వేరు. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవులతో పాటు ఎద్దులు, కోడెల వధ కూడా నిషేధం. ఇక్కడ రైతుకు కావలసింది కోడె వేళకు కాడికి రావడం, మాళేగావ్ ఖండోబా జాతరలో మంచి ధర పలకడం. మేత కూడా వేరే. ఎండు జొన్నసొప్పలో ప్రోటీన్ 4 శాతం చుట్టూ ఉంటుంది. రూమెన్‌లోని జీవులు బాగా పనిచేయాలంటే కనీసం 7 శాతం కావాలి. వట్టి సొప్ప మీద ఎంత ఖరీదైన పొడి చల్లినా దూడ లేవదు. ముందు పత్తి గింజల చెక్కో, పచ్చిమేతో పడాలి. ఆ తర్వాతే పొడి.

ఎంత పెట్టాలో ఒకసారి లెక్క వేద్దాం. 200 కిలోల కోడె రోజుకు ఎండు లెక్కన సుమారు 5 కిలోలు తింటుంది. దానికి కావలసింది 150 మిల్లీగ్రాముల జింకు, 50 మిల్లీగ్రాముల రాగి. సంచి మీద జింకు 0.8 శాతం, రాగి 0.1 శాతం అని ఉంటే, 50 గ్రాముల పొడిలో 400 మిల్లీగ్రాముల జింకు, 50 మిల్లీగ్రాముల రాగి వస్తాయి. మేతలో ఉన్నది దానికి అదనం. ఇంతకు మించి పెట్టి లాభం లేదు. అయితే జింకును ఒళ్లు పెద్దగా దాచుకోదు, అందుకే వారానికోసారి గుప్పెడు వేయడం కన్నా రోజూ కొంచెం దాణాలో కలపడం మేలు. కొనేటప్పుడు సంచి మీద ఐఎస్ 1664 (ఖనిజ మిశ్రమాలకు భారత ప్రమాణం) ముద్ర, ఖనిజాల శాతాలు చూసుకోవాలి. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ ఏ ప్రాంతపు లోటుకు తగ్గట్టు ఆ ప్రాంతానికి మిశ్రమాలు రూపొందించింది. దొరికితే అవే మంచివి. ఉద్గీర్, పర్భణీ పశువైద్య కళాశాలలు మనకు దగ్గరే, అక్కడ అడగవచ్చు.

ఒకే దొడ్లో పశువులు, గొర్రెలు ఉన్నవాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. గొర్రె ఒళ్లు రాగిని త్వరగా బయటికి పంపలేదు. అది నెలల తరబడి కాలేయంలో పేరుకుని ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. ఎర్ర కణాలు పగిలి మూత్రం నల్లబడుతుంది, కళ్లు పచ్చబడతాయి, అప్పటికి చాలాసార్లు చేయి దాటిపోతుంది. పశువుల పొడి గొర్రెల తొట్లో పడకుండా చూసుకోవాలి, వాటికి రాగి కలపని మిశ్రమమే అడిగి తెచ్చుకోవాలి.