వంటలో నీళ్ల లెక్క

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. సొంతంగా వండుకు తినే రోజులొచ్చాయి కదా, తేలికైన వంటకాలు కొన్ని రాసి పంపమన్నారు. పంపొచ్చు గానీ, అందులో రాసిన దినుసులన్నీ ఇంట్లో ఉండే రోజు ఎప్పుడోగానీ రాదు. మామూలు రోజున ఉండేవి రెండు క్యారెట్లు, సగం కోసిన సొరకాయ, కాస్త వడిలిన ఆకుకూర, నిన్నటి అన్నం. వాటిని చూసి ఏం వండాలో తేల్చుకోవడం రావాలి. అందుకు ముందుగా పట్టుబడాల్సింది నీళ్ల లెక్క. కూరగాయలో ఎన్ని నీళ్లున్నాయి, అందులో ఎన్ని పోవాలి, ఎన్ని మిగలాలి. కూర జావైపోయినా, మాడినా, చప్పబడినా చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

సొరకాయ, దోసకాయ, టమాటా బరువులో దాదాపు 95 శాతం నీళ్లే. ఆకుకూరల్లో 90 శాతం పైమాటే. క్యారెట్‌లో 88 దాకా, బంగాళదుంపలో 80 దాకా ఉంటాయి. అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ముక్క కోసినప్పుడు కత్తికి తడి అంటిందా, పలక పొడిగానే ఉందా అన్నది చూస్తే చాలు.

నీటికాయల్లో విడిగా నీళ్లు పోయకండి. అరకిలో సొరకాయ చెక్కు తీసి రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. కోసిన వెంటనే చిన్న పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారేయండి, ఉమ్మేసి నోరు కడుక్కోండి. ఆ చేదు విషపదార్థానిది, ఉడికించినా పోదు. దోస, గుమ్మడి జాతి కాయలన్నిటికీ ఇదే జాగ్రత్త. పుట్టుకతోనే చేదైన కాకరకాయ మాత్రం వేరు. బాగుంటే పెద్ద చెంచాడు నూనె కాగనిచ్చి, జీలకర్ర చిటపటమన్నాక ముక్కలు వేసి, ముప్పావు టీ చెంచాడు ఉప్పు అప్పుడే చల్లి, మూతపెట్టి సన్నసెగన పావుగంట వదిలేయండి. ఉప్పు ముక్కలోంచి నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలోనే ముక్క మగ్గుతుంది. చివర మూత తీసి సెగ పెంచి మూడు నాలుగు నిమిషాలు ఉంచితే మిగిలిన తడి ఆవిరై కూర దగ్గరపడుతుంది. ఈ చివరి పని మానేస్తేనే కూర నీళ్లకూరలా తేలుతుంది.

ఆకుకూరది దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి. కడగడంలోనే సగం పని ఉంది. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి ఆకు ముంచి, కదిపి, రెండు నిమిషాలు ఆగి, ఆకును చేత్తో పైకి తీయండి. గిన్నె వంచి నీళ్లు పారబోశారంటే అడుగుకు దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదకే వస్తుంది. అడుగున ఇసుక తగలనంతవరకు ఇలాగే కడగాలి. వడిలిన ఆకైతే కడిగాక చన్నీళ్లలో అరగంట ఉంచండి, చాలావరకు నిలబడుతుంది. జిగటగా మారిందీ వాసన వచ్చిందీ మాత్రం నిలబడదు, దాన్ని ఏరేయండి.

వెడల్పు మూకుట్లో, బాగా సెగ మీద, మూత లేకుండా, ఆకుకు అంటుకున్న తడితోనే రెండు మూడు నిమిషాలు కలపండి. పావుకిలో పాలకూర చూస్తుండగానే చిన్న గిన్నెడు కూడా లేకుండా అణిగిపోతుంది. ఉప్పు ఆఖర్న వేయమనేది అందుకే. పచ్చి ఆకు కుప్పను చూసి వేస్తే కూర ఉప్పుకషాయం అవుతుంది. మూత పెట్టొద్దనడానికీ కారణముంది: ఆకు ఉడికేటప్పుడు వచ్చే పులుపు ఆవిరితో బయటికి పోవాలి, లోపలే ఉంటే పచ్చరంగు చచ్చి మట్టిరంగు తేలుతుంది. నిమ్మరసం కూడా కంచంలో వడ్డించుకున్నాకే పిండుకోండి.

దుంపలు, క్యారెట్, బీన్స్ లాంటి గట్టివాటికి మాత్రం నీళ్లు మీరే ఇవ్వాలి, మళ్లీ మీరే తీసేయాలి. ఇక్కడ కాసేపు ఆగి చదవండి, అందరూ తడబడేది ఇక్కడే. అరకిలో బంగాళదుంపల్ని ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు కోయండి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే చిన్నవి చితికేసరికి పెద్దవి పచ్చిగా ఉంటాయి. 25 సెంటీమీటర్లకు తక్కువ కాని వెడల్పు మూకుట్లో ముక్కలు, పావు కప్పు నీళ్లు, ముప్పావు టీ చెంచాడు ఉప్పు వేసి, మూతపెట్టి ఎనిమిది నిమిషాలు ఉడికించండి. చాకుమొన గుచ్చితే తేలిగ్గా దిగాలి. అప్పుడు మూత తీసి నీళ్లన్నీ ఇగరనివ్వండి. ఆ తరవాతే రెండు పెద్ద చెంచాల నూనె.

ఎందుకంటే, మూకుట్లో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముక్క ఎర్రబడి కమ్మటి వేపుడు వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. నీరు పోనిదే ఆ వేడి రాదు. ఎప్పుడు పోయిందో చెవే చెబుతుంది. తడి ఉన్నప్పుడు బుడబుడమని, సుయ్‌మని మెత్తటి శబ్దం వస్తుంది. తడి ఆరేకొద్దీ అది సన్నబడి చిటచిటలోకి మారుతుంది. ఆ చిటచిట మొదలయ్యాక గరిటె పక్కన పెట్టేయండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి తిరగేసి, మళ్లీ రెండు నిమిషాలు. ఊరికే కలుపుతుంటే ఏ ముక్కకూ అడుగు వేడి నిలకడగా తగలదు, అంచులు చిదిమి పిండిపిండి అవుతాయి. మూకుడు చిన్నదై ముక్కలు ఒకదాని మీద ఒకటి పడినా అంతే, కింది ముక్క ఆవిరికి పైముక్క ఉడుకుతుంది తప్ప వేగదు. రెండు విడతలుగా వేయించుకోండి, పది నిమిషాలు ఎక్కువ పట్టినా సరే.

టమాటా, చింతపండు, నిమ్మ లాంటి పులుపు ఏదైనా దుంప మెత్తబడ్డాకే వేయాలి. పులుపు తగిలితే దుంప గట్టిపడి, గంట ఉడికించినా లోపల కరుకు మిగులుతుంది. బెండకాయకు అసలు తడే పనికిరాదు: కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక కోయండి, మూత లేకుండా వేయించండి, ఉప్పు చివర్న వేయండి.

ఇక, ఏ కాలంలో వచ్చే కూరగాయను ఆ కాలంలోనే కొనమని నేను గట్టిగా చెప్పేది రుచి కోసమూ, మీ శ్రమ తగ్గడం కోసమూ. కాలంలో పండిన టమాటాకు ఉప్పు చాలు. కాలం కాని కాలంలో వచ్చినదాన్ని గంటసేపు మగ్గించినా ఆ రుచి రాదు. ఎంచుకునేటప్పుడు సైజుకు మించిన బరువుందా చూడండి, బీన్స్ అయితే వంచితే ఫట్‌మని విరగాలి, ఆకుకు కాడ కోసిన చోట తడి ఉండాలి.

విరగకాసే రోజుల్లో దాచుకోవడమూ తేలికే. కిలో టమాటాలు ముక్కలు చేసి, వెడల్పు గిన్నెలో మూత లేకుండా ముప్పావుగంట ఉడికిస్తే సగం కంటే తక్కువకు దిగి చిక్కబడతాయి. చల్లారాక ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక తీసి డబ్బాలో వేసుకుంటే కూరకు రెండు గడ్డల చొప్పున వాడుకోవచ్చు. బఠాణీలైతే మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే బాగా చల్లటి నీళ్లలో వేసి, తుడిచి, పళ్లెంలో పరిచి గడ్డకట్టించండి. మరిగించకుండా పెడితే గింజలో జరిగే మార్పులు ఫ్రీజర్‌లోనూ పూర్తిగా ఆగవు, నెలలు గడిచేసరికి రంగూ రుచీ పోతాయి. తుడవకుండా పెడితే మంచుముద్ద తయారవుతుంది.

బంగాళదుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి పిండిపదార్థం చక్కెరగా మారి వేయిస్తే నల్లబడతాయి. వెలుతురు తగలని, గాలి ఆడే చోట ఉంచండి. తొక్క పచ్చబడిన చోట లోతుగా కోసి తీసేయాలి, బాగా పచ్చబడిందీ చేదుగా ఉన్నదీ తినొద్దు. పండిన అరటిపళ్ల పక్కన ఆకుకూర పెడితే తొందరగా పసుపెక్కుతుంది.

మిగిలిపోయిన వాటికొద్దాం. ముందు జాగ్రత్త మాట, ఇందులో రాజీ లేదు. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన ఎండరోజుల్లో గంటే. అన్నం విషయంలో ఇంకా కచ్చితంగా ఉండండి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తినే ముందు వేడి చేస్తాం కదా అన్న ధీమా అందుకే పనికిరాదు. అన్నం మిగులుతుందని తెలియగానే వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి, చల్లారగానే, గంటలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లోకి పంపండి. లోతు గిన్నెలో ముద్దగా ఉంటే నడిమిభాగం గంటల తరబడి వేడిగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాడు తినేయాలి. కూరలు, పప్పు మూడు రోజులు ఉంచుకోవచ్చు. తినేంతే తీసి, నడిమధ్య కూడా పొగలు కక్కేదాకా ఒక్కసారే వేడి చేయండి. వాసన బాగుంది కదా అని నమ్మకండి, జబ్బు చేసే సూక్ష్మజీవులకు వాసన ఉండాలనేం లేదు.

చల్లబడ్డ అన్నం ఎందుకు గట్టిపడుతుందంటే, ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థం చలికి మళ్లీ దగ్గరగా బిగుసుకుంటుంది. మెత్తగా తినాలంటే కప్పు అన్నానికి పెద్ద చెంచాడు నీళ్లు చిలకరించి, మూత బిగించి, సన్నసెగన ఐదు నిమిషాలు ఆవిరి పట్టించండి.

వేయించుకోవాలంటే మాత్రం ఆ గట్టిదనమే మనకు వరం. మూడు కప్పుల చల్లటి అన్నాన్ని తడిచేత్తో గడ్డల్లేకుండా విడదీయండి. రెండు పెద్ద చెంచాల నూనెలో ఒక ఉల్లిపాయ తరుగు, సెంటీమీటర్ కంటే చిన్నగా తరిగిన కూరగాయలు కప్పుడు వేసి పెద్దసెగన నాలుగు నిమిషాలు వేయించి, ఒక పక్కకు జరపండి. ఖాళీ అయిన చోట రెండు గుడ్లు కొట్టి, సగం గట్టిపడగానే చిదపండి. అప్పుడు అన్నం వేసి మూడు నాలుగు నిమిషాలు. మెతుకులు మూకుట్లో ఎగిరిపడుతుంటే అయినట్టు. ఇదే అన్నం కుక్కర్లోంచి వేడిగా తీసి వేస్తే పైన తడి ఉండి, మెతుకు మెత్తగా ఉండి గరిటె తగలగానే చితుకుతుంది. చల్లటి అన్నం లేకపోతే వండిన అన్నాన్ని పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద ఇరవై నిమిషాలు ఆరబెట్టండి.

బ్రెడ్‌దీ అదే కథ. ఫ్రిజ్ చలికి బయటికన్నా తొందరగా గట్టిపడుతుంది. రెండు రోజుల్లో తినేదైతే బయట, లేకపోతే ఫ్రీజర్‌లో ఉంచండి. గట్టిపడ్డ బ్రెడ్‌ను పెనం మీద కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. బూజు పట్టినదాన్ని మాత్రం పట్టిన మేరకు తీసేసి తినొద్దు, పైకి కనపడని పోగులు లోపలికి పాకి ఉంటాయి.

మిగిలిన కూరకు గుడ్డంత మంచి తోడు లేదు. కప్పు కూరకు నాలుగు గుడ్లు. ముందు కూరను పెనం మీద తడి ఆరేదాకా వేడి చేయండి, తడి ఉంటే గుడ్డు గట్టిపడ్డాక చుట్టూ నీరు ఊరుతుంది. 20 సెంటీమీటర్ల పెనంలో నూనె రాసి, గిలకొట్టిన గుడ్లలో కూర కలిపి పోసి, మూతపెట్టి సన్నసెగన పది నిమిషాలు ఉంచండి, నడిమధ్య కూడా గట్టిపడాలి. సెగ ఎక్కువైతే గుడ్డు బిగుసుకుని లోపలి నీటిని తనే బయటికి పిండేస్తుంది, రబ్బరులా సాగుతుంది.

రకరకాల కూరలు కొంచెం కొంచెం మిగిలితే సూప్ చేసుకోండి. ఒక ఉల్లిపాయ నూనెలో మెత్తబడేదాకా మగ్గించి, కూరలన్నీ కలిపి 400 గ్రాములైతే 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పది నిమిషాలు మరిగించి మెదపండి. కూరల్లో ఉప్పు ముందే ఉంది కాబట్టి రుచి చూడకుండా చిటికెడు కూడా వేయొద్దు. చప్పగా అనిపిస్తే ఉప్పుకన్నా ముందు నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. చాలాసార్లు కావలసింది పులుపే.

ఉప్పు ఎక్కువైతే బంగాళదుంప వేస్తే లాగేస్తుందంటారు. దుంప తనలోకి పీల్చుకున్న ఉప్పునీటి మేరకే తీసుకుంటుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని అన్నమో, ఉడికించిన పప్పో, వేణ్నీళ్లో కలిపి మొత్తాన్ని పెంచడం ఒక్కటే దారి. అలా పెరిగింది ఆ పూటకు ఎక్కువైతే వెడల్పు డబ్బాలో పోసి, మూత మీద తారీఖు రాసి, ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ