కాల్డోర్ మంట ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది

2021 జులై 4న కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో ఒక రాతిగుట్ట మీద పిడుగు పడి చిన్న మంట రేగింది. ఇది కాల్డోర్ కాదు, దానికి నెల ముందు పుట్టిన ఇంకో మంట, కానీ కాల్డోర్ కథ దీంతోనే మొదలుపెట్టాలి. పావు ఎకరం మాత్రమే. చుట్టూ బండరాళ్లు, అక్కడక్కడా నాలుగు చెట్లు. ఆ చోటు మొకలమ్నీ విల్డర్‌నెస్‌లో ఉంది. 1964లో అమెరికా తెచ్చిన చట్టం ప్రకారం విల్డర్‌నెస్ అంటే రోడ్లు వేయకూడని, మోటారు వాహనాలు తిరగకూడని అడవి. మామూలు రోజుల్లో అక్కడ మోటారు రంపం కూడా వాడరు. అటవీ శాఖ వాళ్లు పైనుంచి చూసి లెక్క వేసుకున్నారు. మనుషుల్ని అక్కడ దింపడం ప్రమాదం, కాలడానికి చుట్టుపక్కల పెద్దగా ఏమీ లేదు, ఉన్న సిబ్బంది వేరేచోట్ల కావాలి. కాబట్టి దూరం నుంచి కనిపెట్టి ఉండాలని నిర్ణయించారు.

పన్నెండు రోజులు ఆ మంట అలాగే మినుకుమినుకుమంటూ ఉంది. 16న గాలి లేచింది. సాయంత్రానికి మార్క్‌లీవిల్ అనే చిన్న ఊరిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. మర్నాడు అక్కడ జరగాల్సిన పెద్ద సైకిల్ పోటీ రద్దయింది, దూరాల నుంచి వచ్చిన వాళ్లంతా సామాన్లు సర్దుకుని పరుగు తీశారు. టామరాక్ ఫైర్ అని పేరుపడ్డ ఆ మంట రాష్ట్రం దాటి నెవాడాలోకి వెళ్లి, మొత్తం 68,000 ఎకరాలకు పైగా కాల్చింది. పావు ఎకరం ఉన్నప్పుడే ఎందుకు ఆర్పలేదని జనం తిట్టారు, రాజకీయ నాయకులు తిట్టారు. ఆగస్టు 2న అటవీ శాఖ అధిపతి రాండీ మూర్ దేశమంతటికీ ఉత్తరం రాశారు. అడవికి మేలు జరుగుతుందని మంటల్ని కొంతకాలం కాలనిచ్చే పద్ధతిని ప్రస్తుతానికి ఆపేయండి అని.

నా ఉద్దేశంలో ఆ మొదటి నిర్ణయం అంత తెలివితక్కువదేం కాదు, ఫలితం చెడ్డదైంది అంతే. ఎందుకో తెలియాలంటే ఒక శతాబ్దం వెనక్కి వెళ్లాలి. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతాల్లో రెండు రోజుల్లోనే దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. అప్పటికి అటవీ శాఖ పుట్టి ఐదేళ్లే. ఆ దెబ్బతో నిప్పు అంటేనే శత్రువు అయింది. 1935లో ఏకంగా ఒక నియమం పెట్టారు: ఏ మంట కనిపించినా మర్నాడు ఉదయం పది గంటల్లోపు ఆర్పేయాలి. చాలావరకు ఆర్పారు కూడా. అయితే సియెర్రా దిగువ, మధ్య వాలుల్లోని పైన్ అడవులు అంతకుముందు తరచూ కాలుతూ పెరిగినవి. కొన్ని పిడుగులతో, కొన్ని వాషో, మీవోక్ వంటి స్థానిక జాతుల వాళ్లు కావాలని పెట్టిన నిప్పుతో, కొన్నేళ్లకోసారి నేలమీది ఆకులూ పొదలూ కాలిపోయేవి. మందపాటి బెరడున్న పెద్ద చెట్లకు ఏమీ అయ్యేది కాదు. స్థానికులు నిప్పు పెట్టడాన్ని నిషేధించి, పిడుగు మంటల్ని ఆర్పేస్తూ వచ్చేసరికి, ఖాళీగా ఉండాల్సిన చోట చిన్న చెట్లు దట్టంగా మొలిచాయి. కట్టెల పొయ్యి రాజేసిన వాళ్లకు తెలుసు, మొద్దు నేరుగా అంటుకోదు, కింద చితుకులు ఉండాలి. వందేళ్లపాటు అడవి కింద చితుకులు పేర్చి పెట్టినట్టయింది. ఇప్పుడు నేల మీద పుట్టిన మంట చిన్న చెట్లను పట్టుకుని కొమ్మల మీదికి, అక్కణ్నుంచి చెట్టు తలకు ఎక్కుతుంది. తల మీదికి ఎక్కిన మంట ముందు నిలబడి దాన్ని ఆపగలిగే మనుషులు లేరు, యంత్రాలూ లేవు.

అదే వేసవిలో, జులై 13న, ఉత్తరాన డిక్సీ ఫైర్ మొదలైంది. అది చివరికి 9,63,309 ఎకరాలు కాల్చింది. మన ఉమ్మడి జిల్లా ఒకదానిలో మూడో వంతంత అనుకోవచ్చు. ఆగస్టు 4న గ్రీన్‌విల్ అనే ఊరి నడిబొడ్డునే మింగేసింది. రాష్ట్రంలో ఉన్న సిబ్బంది, ఫైర్ ఇంజిన్లు, విమానాల్లో చాలా భాగం అక్కడే చిక్కుకుపోయాయి. ఇలాంటి సమయంలో, ఆగస్టు 14 సాయంత్రం, టాహో సరస్సుకు పడమటి వైపు ఎల్డొరాడో అడవిలో ఇంకో పొగ కనిపించింది. అదే కాల్డోర్ ఫైర్. మొదటి రెండు రోజులు దానికి దొరికిన మనుషులు తక్కువ. 17 ఉదయానికి 6,500 ఎకరాలున్న మంట 18 ఉదయానికి 50,000 దాటింది. మధ్యలో గ్రిజ్లీ ఫ్లాట్స్ ఉంది. సుమారు 1,200 మంది ఉండే అడవి ఊరు. పోస్టాఫీసు, బడి, 400కు పైగా ఇళ్లు కాలిపోయాయి.

ఇక్కడ ఒక మాట. టీవీలో విమానం ఎర్రటి పొడిలాంటిది చల్లుకుంటూ పోవడం చూసి అదే మంటను ఆర్పుతుందని అనుకుంటాం. కాదు. అందులో ఎక్కువ భాగం నీళ్లు, మిగతాది ఎరువుల్లో వాడే ఫాస్ఫేట్ లవణం, ఎక్కడ పడిందో పైనుంచి కనిపించడానికి ఐరన్ ఆక్సైడ్ రంగు. మంట మీద కాదు, మంట రాబోయే దారిలో చల్లుతారు. ఆ మందు పడిన ఆకు మంటగా మండకుండా మాడి బొగ్గవుతుంది, దాంతో వేగం తగ్గుతుంది. ఆ దొరికిన కాసేపట్లో కింద మనుషులు పని చేయాలి. వాళ్లు రాకపోతే చల్లిన మందు వృథా. దట్టమైన పొగలోనూ, ఈదురు గాలిలోనూ, అంటే అత్యవసరమైనప్పుడే, విమానాలు ఎగరలేవు కూడా.

కింద జరిగే పని చూడటానికి అంత అందంగా ఉండదు. ఇరవై మంది జట్టు వరసగా నిలబడి గొడ్డళ్లతో, పారలతో, రంపాలతో పొదలు కొట్టి, ఆకు తోసేసి, మట్టి తేలేదాకా నేలను గీకుతారు. దాన్నే ఫైర్ లైన్ అంటారు. వాళ్ల చేతుల్లో ఉండే పనిముట్టు పేరు పులాస్కీ, ఒకవైపు గొడ్డలి, ఒకవైపు పార. 1910 మంటల్లో తన కూలీలను ఒక గని సొరంగంలోకి తోలుకెళ్లి ఎక్కువమందిని బతికించిన ఎడ్ పులాస్కీ పేరే దానికి నిలిచింది. చదునుగా ఉన్నచోట బుల్‌డోజర్లు ఇదే పని వేగంగా చేస్తాయి. గీత పూర్తయ్యాక దాని అంచున వాళ్లే నిప్పు పెడతారు. ఆ నిప్పు అసలు మంటకు ఎదురెళ్లి మధ్యలో ఉన్నదంతా ముందే కాల్చేస్తుంది, పెద్ద మంట అక్కడికి వచ్చేసరికి తినడానికి ఏమీ మిగలదు. గాలి తిరిగితే మాత్రం పెట్టిన నిప్పే కొత్త సమస్య. ఆ నిర్ణయం తీసుకునే మనిషి టెన్షన్ ఊహించుకోవచ్చు.

వార్తల్లో 'మంట 40 శాతం అదుపులో ఉంది' అంటారు. అంటే 40 శాతం ఆరిందని కాదు. మంట చుట్టుకొలతలో 40 శాతం మేర ఇక దాటదని నమ్మకం కుదిరిన గీత ఉందని. లోపల ఇంకా నెలల తరబడి కాలుతూ ఉండవచ్చు. మిగతా 60 శాతం వైపు ఏ ఊరుందన్నదే అసలు ప్రశ్న.

వేలమంది, పదుల కొద్దీ శాఖలు ఒకే మంట మీద పనిచేయాలంటే ఎవరి మాట ఎవరు వినాలి? 1970లో కాలిఫోర్నియాలో వరసగా వచ్చిన మంటల్లో ఒక శాఖ రేడియో ఇంకో శాఖకు అందక, ఒకరి పదజాలం ఇంకొకరికి అర్థంకాక నానా తిప్పలు పడ్డారు. దాని తర్వాత ఒక కమాండర్, కింద పనులు, ప్రణాళిక, సరఫరా, ఖర్చు చూసే విభాగాలు ఉండే ఏర్పాటు తయారైంది. అదే ప్రపంచమంతా పాకింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో వెలువరించిన మార్గదర్శకాలకు మూలం కూడా అదే. తుఫాను వచ్చినప్పుడు కలెక్టరేట్‌లో ఎవరు ఏం చూడాలో చెప్పే ఆ వరస, కాలిఫోర్నియా పొగలో పుట్టిందన్నమాట.

కాల్డోర్ తూర్పుకు నడుస్తూ ఉండగా అందరి ఆశా సియెర్రా శిఖరాల మీదే ఉంది. పైన అంతా నున్నటి గ్రానైట్. డిక్సీకి ముందు ఏ మంటా ఆ పర్వతాల పడమటి వాలున పుట్టి శిఖరం దాటి తూర్పున దిగినట్టు నమోదు కాలేదు. కానీ మంట నేల మీద నడవాల్సిన అవసరం లేదు. కాలుతున్న బెరడు ముక్కల్ని, పైన్ కాయల్ని వేడిగాలి పైకి లేపి అర మైలు, ఒక్కోసారి మైలు దూరం విసురుతుంది. కరవులో ఎండిపోయిన అడవిలో పడిన నిప్పురవ్వల్లో చాలావరకు అంటుకున్నాయి. బండల మీదుగా అలా దూకుతూ ఆగస్టు 30న మంట ఎకో సమ్మిట్ అనే కనుమ దాటింది. అదే రోజు సౌత్ లేక్ టాహో పట్టణంలోని సుమారు 22,000 మందిని వెళ్లిపొమ్మన్నారు. హైవే 50 మీద కార్లు గంటల తరబడి కదల్లేదు. బే ఏరియాలో, శాక్రమెంటోలో ఉండే మన తెలుగు వాళ్లకు టాహో అంటే మంచు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లే చోటు. ఆ వారం వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఫొటోల్లో ఆ సరస్సు కనిపించనే లేదు, అంతా నారింజ రంగు పొగ. మర్నాడు రాత్రి నుంచి కాలిఫోర్నియాలోని జాతీయ అడవులను దాదాపు అన్నిటినీ జనానికి మూసేశారు.

ఎకో సమ్మిట్ నుంచి కిందికి దిగితే క్రిస్మస్ వ్యాలీ, మేయర్స్. చెట్ల మధ్య చెక్క ఇళ్లు. గ్రిజ్లీ ఫ్లాట్స్ గతే పడుతుందని అనుకున్నారు. పట్టలేదు.

కారణాలు మూడు నాలుగున్నాయి. అప్పటికి దేశంలోకెల్లా ముఖ్యమైన మంట ఇదే కాబట్టి నాలుగు వేలకు పైగా సిబ్బంది వచ్చేశారు. స్కీ రిసార్టుల్లో మంచు కురిపించే యంత్రాలతో కూడా నీళ్లు చల్లారు. సెప్టెంబరు మొదట్లో గాలి తగ్గింది, అది అదృష్టం. ఇవన్నీ ఒప్పుకుంటూనే నాలుగోదాని దగ్గర ఆగాలి. 2007 జూన్‌లో ఇదే లోయ పక్కన అంగోరా ఫైర్ అనే చిన్న మంట, 3,100 ఎకరాలది, 254 ఇళ్లను కాల్చేసింది. ఆ భయంతో పద్నాలుగేళ్లపాటు టాహో చుట్టూ అడవిని పలచన చేశారు. చిన్న చెట్లు కొట్టడం, కింది కొమ్మలు నరకడం, కుప్పలు పోసి చలికాలంలో కాల్చడం. మేయర్స్ పైన అలా పలచన చేసిన చోటికి వచ్చేసరికి 150 అడుగుల మంట 15 అడుగులకు పడిపోయిందని అక్కడ పనిచేసిన కమాండర్ ఒకరు ఊరివాళ్లకు చెప్పారు. 15 అడుగుల మంటంటే చిన్నదేం కాదు, కానీ ఇంజిన్లు, ఎదురు నిప్పు పెట్టి ఇళ్లను కాపాడే అవకాశం ఉంటుంది. 150 అడుగులైతే పారిపోవడమే. ఇళ్ల దగ్గరి పని కూడా లెక్కలోకి వస్తుంది. అటవీ శాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఏళ్ల తరబడి చెప్పింది ఇదే: ఇళ్లను ఎక్కువగా కాల్చేది మంటల గోడ కాదు, పైకప్పు తూముల్లో పేరుకున్న ఎండు పైన్ సూదుల్లో పడే నిప్పురవ్వ.

మరి గ్రిజ్లీ ఫ్లాట్స్ చుట్టూ ఇలాంటి పని చేయాలని ఎవరికీ తోచలేదా? తోచింది. వేల ఎకరాల్లో పలచన చేసి, అదుపులో నిప్పు పెట్టి కాల్చే ప్రణాళికను అటవీ శాఖే రాసుకుంది. దానికి ట్రెసిల్ ప్రాజెక్టు అని పేరు. పర్యావరణ సమీక్షలు, అభ్యంతరాలు, డబ్బు, మనుషులు, నిప్పు పెట్టడానికి అనువైన రోజులు దొరక్కపోవడం, వీటన్నిటి మధ్యా అది నత్తనడక నడిచింది. కాల్డోర్ వచ్చేనాటికి అందులో చిన్న భాగమే పూర్తయింది.

టామరాక్‌ను కాలనిచ్చిన నిర్ణయం మీద ప్రశ్నలు, విమర్శలు, దేశమంతా ఉత్తరం. ట్రెసిల్ ఆలస్యం మీద జర్నలిస్టులు తవ్వితీస్తే తప్ప బయట ఎవరికీ తెలియలేదు. పెట్టిన నిప్పు తప్పించుకుంటే దానికి తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. పెట్టని నిప్పు మీద ఎవరి సంతకమూ ఉండదు. పెద్ద కార్చిచ్చుల నిర్వహణలో అన్నిటికంటే కష్టమైన చిక్కు ఇదేనని నాకనిపిస్తుంది. డోజర్లూ విమానాలూ ఎన్ని పెంచినా అది తీరదు.

విల్డర్‌నెస్ దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అక్కడ డోజర్ దింపాలంటే పై అధికారి ప్రత్యేక అనుమతి కావాలి, ఎందుకంటే మంట కాల్చిన నేల కోలుకుంటుంది గానీ డోజర్ గీసిన గీత దశాబ్దాలు కనిపిస్తుంది. కాబట్టి అక్కడ ఉన్న బండల్ని, వాగుల్ని, చెరువుల్నే గీతలుగా వాడుకుంటారు. మంట నెమ్మదిగా కాలితే ఆ అడవికి మంచిదే. పక్కనే ఊరు లేకపోతే.

మన నల్లమల వేరు. అక్కడ ఎక్కువగా కాలేది నేలమీది ఆకు, గడ్డి. చెట్ల తలలకు ఎక్కే మంటలు అరుదు. మంట కారణాలు కూడా ఎక్కువగా మనుషులవే. ఎండలు ముదరకముందే అటవీ శాఖ ఫైర్ లైన్లు శుభ్రం చేసి, అంచులు ముందుగా కాల్చి ఉంచుతుంది. ఉపగ్రహం వేడిని పసిగడితే బీటు అధికారి ఫోనుకు సందేశం వస్తుంది. పద్ధతి మూలం ఒకటే, కానీ అక్కడి లెక్కల్ని ఇక్కడికి తెచ్చి అంటించకూడదు.

కాల్డోర్ 2,21,835 ఎకరాలు కాల్చి అక్టోబరులో పూర్తిగా అదుపులోకి వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో, న్యూ మెక్సికోలో, అటవీ శాఖ కావాలని పెట్టిన నిప్పు గాలికి తప్పించుకుంది. జనవరిలో కాల్చిన ఇంకో కుప్ప మంచు కింద నెలల తరబడి రగిలి మళ్లీ పైకి లేచి, ఆ మంటతో కలిసింది. మొత్తం 3,41,000 ఎకరాలు, ఆ రాష్ట్ర చరిత్రలో అతి పెద్దది, వందల ఇళ్లు బూడిద. అటవీ శాఖ ఏటా సుమారు 4,500 చోట్ల ఇలా కావాలని నిప్పు పెడుతుంది, 99.84 శాతం అనుకున్నట్టే ముగుస్తాయని మూర్ చెప్పారు. అయినా 2022 మే 20న దేశమంతటా ఆ పనిని 90 రోజులు ఆపేశారు. అప్పటి నుంచి, నిప్పు పెట్టాలంటే పాత అనుమతి చాలదు. పెట్టబోయే రోజు వాతావరణం చూసి, 24 గంటల్లోపు తీసుకున్న తాజా అనుమతి ఉండాలి. జాగ్రత్త కోసం మంచి నియమమే. కానీ సియెర్రాలో అడవి మరీ తడిగానూ కాకుండా, మరీ ఎండిపోకుండానూ, గాలి సరిగ్గా ఉండి, పొగ ఊళ్ల మీదికి పోకుండా, చేతిలో సిబ్బంది కూడా ఉండే రోజులు ఏడాదిలో దొరికేవే కొన్ని. ఇప్పుడు ఆ రోజుల్లోనే సంతకం పెట్టే అధికారి కూడా దొరకాలి.