వీఏ01లో సేవ్ నొక్కితే ఏ టేబుళ్లు మారతాయి? అపోహలు - వాస్తవాలు

కంపెనీల లావాదేవీలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త రిపోర్టు రాయాలన్నా, బయటి సిస్టమ్‌కు ఇంటర్‌ఫేస్ కట్టాలన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: ఈ ట్రాన్సాక్షన్ నడిస్తే ఏ టేబుళ్లలో డేటా పడుతుంది? ఎవరినడిగినా డేటాబేస్‌కు వెళ్లే ఆదేశాలను నమోదు (ట్రేస్) చేసే ఎస్‌టీ05 పెట్టి చూడమంటారు. సలహా మంచిదే, చిక్కంతా ఆ ట్రేస్‌ను చదవడంలో ఉంది. సేల్స్ ఆర్డర్ సృష్టించే వీఏ01నే ఉదాహరణగా తీసుకుందాం.

అపోహ: ట్రేస్ ఆన్ చేసి, ఆర్డర్ సేవ్ చేసి, ఆఫ్ చేస్తే మారిన టేబుళ్లన్నీ దొరుకుతాయి.

వాస్తవం: సేవ్ నొక్కినప్పుడు మీ స్క్రీన్‌ను నడిపే డైలాగ్ ప్రాసెస్ సేల్స్ ఆర్డర్ టేబుళ్లైన వీబీఏకే, వీబీఏపీలను ముట్టుకోదు. రాయాల్సిన డేటాను అప్‌డేట్ క్యూలో పెట్టి కమిట్ చేసి తప్పుకుంటుంది. హెడర్ వీబీఏకేలోకి, ఐటెమ్‌లు వీబీఏపీలోకి, షెడ్యూల్ లైన్లు వీబీఈపీలోకి, పార్ట్‌నర్లు వీబీపీఏలోకి వెళ్లేది అప్‌డేట్ వర్క్ ప్రాసెస్ చేతుల మీదుగా. అది మీరు లాగిన్ అయిన సర్వర్‌లోనే ఉండాలన్న నియమం లేదు. ఎస్‌టీ05 మాత్రం మామూలుగా ఒక్క అప్లికేషన్ సర్వర్‌నే చూస్తుంది. ఒకే సర్వర్ ఉన్న శిక్షణ సిస్టమ్‌లో నేర్చుకున్నవాళ్లకు ఈ తేడా కనిపించదు. నాలుగు సర్వర్లున్న క్వాలిటీ సిస్టమ్‌లో అదే పని చేస్తే ట్రేస్‌లో ఎక్కువగా సెలెక్ట్‌లే (చదివే ఆదేశాలే) ఉండి, వీబీఏకే ఇన్సర్ట్ (కొత్త వరుస రాసే ఆదేశం) ఒక్కటీ ఉండకపోవచ్చు.

అందుకని ముందు సర్వర్ల జాబితా చూపే ఎస్‌ఎం51లో అప్‌డేట్ సర్వీస్ ఉన్న సర్వర్లేవో చూసుకోండి. ట్రేస్ లేకుండా ఒక ఆర్డర్ వేసేయండి. ప్రోగ్రాములు లోడయ్యే రొద దాంతో పోతుంది. తర్వాత ఆ సర్వర్లన్నిటిలో మీ యూజర్ పేరు ఫిల్టర్‌గా పెట్టి ట్రేస్ ఆన్ చేయండి. అప్‌డేట్ ప్రాసెస్ కూడా మీ యూజర్ పేరుతోనే నడుస్తుంది కాబట్టి ఫిల్టర్ వల్ల నష్టం లేదు. ట్రాన్సాక్షన్ పేరుతో మాత్రం ఫిల్టర్ పెట్టకపోవడమే మంచిది. సేవ్ అయ్యాక వెంటనే ఆపొద్దు. ముఖ్యమైన వీ1 అప్‌డేట్ ముగిశాకే తక్కువ ప్రాధాన్యమున్న వీ2 మొదలవుతుంది. అప్‌డేట్ క్యూను చూపే ఎస్‌ఎం13లో మీ ఎంట్రీకి వీ1, వీ2 రెండూ ముగిసేదాకా ఆగి, అప్పుడు ఆఫ్ చేసి, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్‌లను మాత్రం విడదీసి చూడండి. వీ3 రకం అప్‌డేట్‌లు వాటన్నిటినీ కలిపి నడిపే కలెక్టివ్ రన్ జాబ్ నడిచేదాకా క్యూలోనే ఉంటాయి. వాటికోసం ఆ జాబ్‌నే ట్రేస్ చేయాలి. ట్రేస్ ఫైలుకు పరిమితి ఉంటుంది, నిండితే పాత రికార్డుల మీదే కొత్తవి పడతాయి. కాబట్టి గంటలకొద్దీ ఆన్‌లో ఉంచి లాభం లేదు.

అపోహ: జాబితాలో వీబీతో మొదలయ్యేవన్నీ సేల్స్ టేబుళ్లే.

వాస్తవం: వీబీహెచ్‌డీఆర్, వీబీమాడ్, వీబీడేటా పేర్లు చూసి మోసపోవద్దు. ఇవి అప్‌డేట్ క్యూ టేబుళ్లు. డైలాగ్ ప్రాసెస్ వీటిలో రాస్తుంది, అప్‌డేట్ విజయవంతమయ్యాక ఆ వరుసలు చెరిగిపోతాయి. వీటిని ఫంక్షనల్ స్పెక్‌లో ఎక్కిస్తే రివ్యూలో పరువు పోతుంది. డాక్యుమెంట్ నంబర్ల లెక్క ఉంచే ఎన్‌ఆర్‌ఐవీ టేబుల్‌ది ఇంకో తిరకాసు. నంబర్ రేంజ్ బఫర్ అయి ఉంటే నంబర్లు గుత్తగా మెమరీలోకి వస్తాయి, ఆ గుత్త అయిపోయినప్పుడే టేబుల్ మారుతుంది. ఒక రన్‌లో ఉండి ఇంకో రన్‌లో లేకపోవడం మామూలే. కొటేషన్ నుంచి కాపీ చేసిన ఆర్డర్‌కైతే డాక్యుమెంట్ల మధ్య లింకులుంచే వీబీఎఫ్‌ఏ కూడా చేరుతుంది. అందుకే ఒక్క ఆర్డర్‌తో తీసిన జాబితాను నమ్మలేం.

అపోహ: ట్రేస్‌లో అప్‌డేట్ కనిపించిందంటే టేబుల్ మారినట్టే.

వాస్తవం: మారిన వరుసల సంఖ్య చూడండి. సున్నా ఉంటే ఏమీ మారలేదు. శాప్ ప్రోగ్రామింగ్ భాష అబాప్‌లోని మాడిఫై ఆదేశం కొన్ని డేటాబేస్‌లలో ముందు అప్‌డేట్ ప్రయత్నించి, వరుస దొరక్కపోతే ఇన్సర్ట్ చేస్తుంది. పైగా వీ1 మధ్యలో ఆగిపోతే అంతా రోల్‌బ్యాక్ (రద్దు) అవుతుంది, ట్రేస్‌లో ఇన్సర్ట్‌లు మాత్రం అలాగే మిగులుతాయి.

అపోహ: ఇంత శ్రమ ఎందుకు? మార్పుల చిట్టా (చేంజ్ డాక్యుమెంట్లు) ఉంచే సీడీహెచ్‌డీఆర్, సీడీపీఓఎస్ చూస్తే సరిపోతుంది.

వాస్తవం: చేంజ్ డాక్యుమెంట్లు ఆడిట్ కోసం. ఆ అప్లికేషన్‌కు చేంజ్ డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ ఉండాలి, ఫీల్డ్ డేటా ఎలిమెంట్‌లో (ఫీల్డ్ నిర్వచనంలో) చేంజ్ డాక్యుమెంట్ టిక్ ఉండాలి, ప్రోగ్రామ్ దాన్ని పిలవాలి. మూడిట్లో ఏది లోపించినా పద్దు ఉండదు. టేబుల్ మార్పుల లాగ్ అయిన డీబీటాబ్‌లాగ్ ప్రధానంగా కస్టమైజింగ్ (సెట్టింగుల) టేబుళ్లకు వాడేది, అది కూడా రెక్/క్లయింట్ పారామీటర్ ఆన్‌లో ఉంటేనే.

అపోహ: శాప్ పాత వెర్షన్ ఈసీసీలో తీసిన జాబితా కొత్తదైన ఎస్/4హానాకూ పనికొస్తుంది.

వాస్తవం: వీబీయూకే, వీబీయూపీలలోని స్టేటస్‌లు వీబీఏకే, వీబీఏపీలలోకి వెళ్లిపోయాయి. ప్రైసింగ్ కండిషన్లు కేఓఎన్‌వీ నుంచి పీఆర్‌సీడీ_ఎలిమెంట్స్‌కు మారాయి. స్టాక్ కదలికలు ఎంఎస్‌ఈజీలో కాక మ్యాట్‌డాక్‌లో పడతాయి. ఎంఎస్‌ఈజీ మీద సెలెక్ట్ వేస్తే డేటా వస్తుంది గనక చాలామంది అక్కడే పొరబడతారు. అది పాత టేబుల్ పేరుతో కొత్త టేబుల్ డేటాను చూపే కంపాటిబిలిటీ వ్యూ ద్వారా వచ్చేది.

అపోహ: ట్రేస్‌లో లేదంటే డేటా మారనట్టే.

వాస్తవం: ఎస్‌టీ05 నమోదు చేసేది అప్లికేషన్ సర్వర్ డేటాబేస్‌కు పంపిన స్టేట్‌మెంట్లనే. డేటాబేస్ లోపలే నడిచే ఏఎండీపీ ప్రొసీజర్ అయితే కాల్ ఒక్కటే కనిపిస్తుంది, లోపల ఏ టేబుల్‌లో రాసిందో తెలియదు. ఎక్లిప్స్‌లో ఆ మెథడ్ తెరిచి చదవాల్సిందే. డేటాను వేరే సిస్టమ్‌కు కాపీ చేసే ఎస్‌ఎల్‌టీ రెప్లికేషన్ పెట్టిన టేబుళ్లపై డేటాబేస్ ట్రిగ్గర్లు (మార్పు జరగ్గానే వాటంతటవే నడిచే కోడ్) ఉంటాయి. అవి లాగింగ్ టేబుళ్లలో రాసే వరుసలు కూడా ఎస్‌టీ05కు అందవు. వాటిని డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) దగ్గరే అడగాలి.